టీచరు తెమ్మన్న లైటు

"ఏ లైటు పోయింది?" అన్నాడు భర్త, కంచంలోంచి తలెత్తకుండానే.

ఏ లైటూ పోలేదు. ఒక లైటు కొందామా అని మాత్రమే అడిగిందామె. అదీ నీళ్ళ గ్లాసు అతని పక్కన పెడుతూ, అవసరమైతే ఆ మాటని నీళ్ళ సందట్లో కలిపేసుకోవచ్చన్నట్టు. ఆ ఇంట్లో కొనడమంటే పోయినదాని బదులు ఇంకోటి తేవడం. మిక్సీ కాలిపోతే మిక్సీ, చెప్పు తెగితే చెప్పుల జత. ఏదీ పోకుండా, ఏదీ పగలకుండా, ఉత్తినే ఒకటి కావాలనిపిస్తే దాన్ని ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పాలో ఆమెకి తెలియదు.

వంటింటి కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ. చెయ్యి చాపితే అందుతుంది. ఏ కాలంలోనూ ఎండ అటు రాదు. ఒకరోజు పారేయబోయిన పుదీనా కాడలు గ్లాసులో వేసి కిటికీలో పెట్టింది. ఎందుకు పెట్టిందంటే చెప్పలేదు. కొన్నాళ్ళకి వాటికి తెల్లగా, నూలుపోగుల్లా వేళ్ళొచ్చాయి. గిన్నెలు తోముతున్నదల్లా నురగ చేతులతో అలాగే నిలబడి చూసింది. ఎవరూ చెయ్యమనని పని ఒకటి తన చేతిలో జరిగిందని ఆమెకి భలే సంతోషమేసింది. పాత డబ్బాల్లో మట్టి పోసి వాటిని నాటింది. ఇంకో డబ్బాలో కొత్తిమీర గింజలు చల్లి, డబ్బాలన్నీ ఒక ట్రేలో సర్దింది. కొత్తిమీర మొలిచింది కానీ పొడుగ్గా, పాలిపోయి, మెడలు చాచి, చివరికి ఒక పక్కకి ఒరిగి పడుకుంది. "మొక్కలు కూడా నీలాగే నీరసం" అంది అత్తగారు, నవ్వుతూనే.

ఆమె పనిచేసేది పార్సెల్ ఆఫీసు కౌంటర్లో. పొద్దుటినుంచి సాయంత్రం దాకా లోపల ఏముందండీ అని అడగడం, బరువు చూడటం, టేపు వెయ్యడం. అక్కడ ఎవరి పుట్టినరోజొచ్చినా కేకు తేవడం, ప్లేట్లు కడగడం కూడా ఆమె పనే. "మీరైతే చక్కగా చూసుకుంటారండీ" అంటాడు మేనేజరు. ఆ మాటకి మొదట్లో పొంగిపోయేది. బస్సులో పోయి వచ్చే ఆ కాస్త సమయం మాత్రం ఎవరిదీ కాదు. ఆ సమయంలో ఫోనులో మొక్కల లైట్ల గురించి చదివింది. మొలకలు అలా సాగిపోయాయంటే వెలుతురు చాలక వెతుక్కుంటున్నాయని తెలిసింది. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో వేసే వాట్లు చాలాసార్లు ఉత్త గొప్పేననీ, వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉండేదే అసలు సంగతనీ తెలిసింది. ఊదారంగు లైటు కింద ఆకు పచ్చగా ఉందో పసుపు తిరిగిందో కనపడదు కాబట్టి కొత్తవాళ్ళకి తెల్లదే మేలని తెలిసింది. ట్రే ఎంత పొడుగుంటే అంత పొడుగు పట్టీలాంటి లైటు, మొక్కలకి జానెడు ఎత్తులో, దానంతటదే వెలిగి ఆరడానికి ఒక టైమరు. ఇంతే కావలసింది. ఇదంతా చదువుతూ ఒకసారి దిగాల్సిన స్టాపు దాటిపోయింది. పెద్దదయ్యాక ఆమె అలా దేన్లోనూ మునిగిపోయింది లేదు.

అలా మునిగిన మనిషి, భర్త "ఏ లైటు పోయింది?" అనేసరికి నీళ్ళ గ్లాసు ఇంకాస్త పక్కకి జరిపింది.

"మొక్కలకి... లోపల పెంచే మొక్కలకి ఉంటుందట, లైటు."

"మొక్కలకి లైటేమిటే అమ్మాయ్! ఇంక ఫ్యాను కూడా పెడదామా?" అంది అత్తగారు. భర్త కూడా నవ్వాడు. అందులో చెడ్డతనమేమీ లేదు. నిజంగా నవ్వొచ్చే మాటకే నవ్వారు. ఆమెకి మాత్రం చెవులు వేడెక్కాయి. అందరి ముందూ చీర జారినట్టనిపించింది. ఆ సిగ్గు కప్పుకోవడానికి చేతికి అందిన గుడ్డ కూతురే అయింది.

"నాకు కాదు. పిచ్చుకకి. స్కూల్లో ప్రాజెక్టట."

పిచ్చుక అంటే వాళ్ళమ్మాయి. ఎప్పుడూ ఏదో ఒకటి కిచకిచలాడుతుంటుందని ఆ పేరు. ఆ పిల్ల ముద్ద నోటి దగ్గర ఆపి తల్లి వంక చూసింది. తల్లి కళ్ళు దించుకుంది. పిచ్చుక ముద్ద నోట్లో పెట్టుకుని తలూపింది.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా! ఆదివారం వెళ్దాం" అన్నాడు భర్త. అంతే. అంత సులువు.

దుకాణంలో లైట్లు గోడ నిండా ఉన్నాయి. వాటిమధ్యకి వెళ్ళేసరికి ఆమెకి మనసు ఉరకలేసింది. దుకాణదారు ఆమెని దాటుకుని భర్త దగ్గరికి వెళ్ళాడు. "సార్, ఇది తీసుకోండి. అందరూ ఇదే పట్టుకెళ్తున్నారు" అంటూ ఊదారంగుది వెలిగించాడు. గదంతా సినిమా పోస్టరులా అయిపోయింది. భర్త డబ్బా మీది పెద్ద అంకె చదివి, "అబ్బో, పవర్ బానే ఉందే" అన్నాడు.

కాదు, వెనక చూడండి, అనాలి. ఇది మన ట్రేకి సగం కూడా రాదు, అనాలి. అన్నీ గొంతు దాకా వచ్చాయి. ఇవన్నీ నీకెలా తెలుసని అడిగితే? ఆమె వంగి, కూతురి జడ సర్దుతున్నట్టు సర్దుతూ చెవిలో చెప్పింది. పిచ్చుక గొంతు సవరించుకుంది.

"నాన్నా, టీచరు తెల్లది తెమ్మన్నారు. పొడుగ్గా ఉండేది."

"అవునా?"

మళ్ళీ జడ. మళ్ళీ చెవిలో గుసగుస.

"ఇంకా... టైమరు కూడా తెమ్మన్నారు. ముందువైపు రాసిన వాట్లు చూడొద్దన్నారు."

"టీచరమ్మ గట్టిదే" అని దుకాణదారు మొహం మాడ్చుకుని లోపల్నుంచి తెల్ల పట్టీలైటు తెచ్చాడు. ఆమె అనుకున్నది అచ్చం అదే. ఆటోలో ఆ డబ్బా పిల్ల ఒళ్ళో ఉంది. అందుకోవాలని ఆమె చేతులు లాగుతుంటే వాటిని పర్సు మీద ముడుచుకు కూర్చుంది.

వంటింటి అరమీద లైటు అమర్చాక మొక్కలు మారిపోయాయి. కొత్తిమీర ఈసారి పొట్టిగా, గట్టిగా, గుబురుగా లేచింది. పుదీనా ఆకులు దళసరిగా, ముదురు పచ్చగా విచ్చుకున్నాయి. పొద్దున్నే అందరికంటే ముందు లేచి, ఆ వెలుతురులో కాసేపు నిలబడి, అప్పుడు పొయ్యి వెలిగించేది. ఇంటికెవరొచ్చినా భర్త వాళ్ళని వంటింట్లోకి తీసుకొచ్చి చూపించేవాడు. "మా అమ్మాయి పెంచింది. సైన్సు బుర్ర, నా పోలికే." వచ్చినవాళ్ళు పిల్ల బుగ్గ గిల్లేవాళ్ళు. ఆమె వాళ్ళకి టీ పెట్టేది. ఆ పొగడ్త తనది అని లోపల ఒక మనసు చెయ్యెత్తేది. ఛీ, కన్నకూతురితో పోటీయా అని ఇంకొకటి దాన్ని దించేసేది. పిచ్చుక మాత్రం రానురాను చుట్టాలొస్తే గదిలోకి పోయి తలుపేసుకోవడం మొదలుపెట్టింది. ఆమె చూసి కూడా, ఎందుకని అడగలేదు.

స్కూల్లో పేరెంట్స్ మీటింగు జరిగింది. సెలవు లేకపోయినా భర్త ప్రత్యేకంగా వచ్చాడు. సైన్సు టీచరు ఎదుట కూర్చున్నాక కూడా అతనికి కుర్చీ ఆనలేదు.

"మీరిచ్చిన మొక్కల ప్రాజెక్టు బ్రహ్మాండంగా వచ్చిందండీ. ఫొటోలు తెచ్చాను."

టీచరు ఫోను అందుకుని చూసింది. "చాలా బాగున్నాయి. కానీ నేను అలాంటి ప్రాజెక్టేమీ ఇవ్వలేదే?"

"లైటు కూడా మీరే తెమ్మన్నారటగా, తెల్లది."

టీచరు పిచ్చుక వైపు చూసింది. భర్త చూశాడు. ఆమె చూడలేదు. బల్లమీద పెన్నుల డబ్బా ఉంటే దాని మీదే కళ్ళు పెట్టి కూర్చుంది. ఇప్పుడు చెప్పాలి. ఈ క్షణం పోతే మళ్ళీ రాదు.

"నేనే అబద్ధం చెప్పాను నాన్నా. నాకు మొక్కలు కావాలనిపించి" అంది పిచ్చుక.

టీచరు మెత్తగానే మందలించింది. మెత్తగా కాబట్టి ఎక్కువసేపు మందలించింది. కావాలంటే అడగాలి గానీ టీచరు పేరు వాడుకుంటారా తల్లీ, రేపు ఇంకేదైనా చెప్తే ఎవరు నమ్ముతారు, అంది. పిల్ల మెడ వంచి వింటూ ఉంది. చెవులు ఎర్రబడ్డాయి. "సారీ మేడమ్" అంది. భర్త కూడా "సారీ మేడమ్" అన్నాడు. వాళ్ళిద్దరి పక్కనా ఆమె మంచి తల్లిలా, బాధపడుతున్నట్టు మొహం పెట్టుకుని కూర్చుంది. దారి పొడుగునా భర్త పిల్లని తిడుతూనే ఉన్నాడు. పిచ్చుక ఒక్కసారి కూడా తల్లి వైపు తిరగలేదు. తిరిగితే ఆ చూపులో తల్లి దొరికిపోతుందని భయపడినట్టుంది.

ఇల్లు చేరగానే, "ఆ లైటు తీసి పైన పడేయ్. అబద్ధమాడి తెచ్చుకున్నదాంతో ముచ్చటేమిటి" అన్నాడు భర్త ఆమెతో.

ఆమె తీసింది. ప్లగ్గు పీకింది, తీగ చుట్టింది, డబ్బాలో పెట్టింది. తన చేతులు ఇంత వినయంగా ఎలా పనిచేస్తున్నాయా అని చూస్తూనే అదంతా చేసింది. వెనక అలికిడైతే పిచ్చుక.

"పర్లేదమ్మా" అంది రహస్యంగా, తనే పెద్దదైనట్టు. "నేనైతే రెండ్రోజుల్లో మర్చిపోతారు. నువ్వైతే ఎప్పటికీ అంటూనే ఉంటారు."

ఆమె డబ్బా మూత మూయబోయి ఆగింది. ఈ ఇంట్లో ఎవరి తప్పుకి ఎంత వడ్డనో ఈ పిల్ల ఎప్పుడు లెక్కగట్టింది? ఎవర్ని చూసి నేర్చుకుంది? తనని చూసి. రోజూ, ప్రతి పూటా, తన వంచిన మెడని చూసి. ఇంకొన్నేళ్ళకి ఈ పిల్ల కూడా ఒక కంచం పక్కన నీళ్ళ గ్లాసు పెడుతూ, తనకి కావలసింది ఇంకెవరి పేరు మీదో అడుగుతుంది. అబద్ధమైతే చెప్పించింది, సరే. దానికంటే పెద్దది ఇంకోటి నేర్పింది.

హాల్లో భర్త, అత్తగారు కూర్చుని ఉన్నారు. డబ్బా చేత్తో పట్టుకునే వెళ్ళింది.

"ప్రాజెక్టు సంగతి నేను చెప్పిన అబద్ధం. లైటు నాకే కావాలి. మొక్కలు నావి."

భర్త విసుగ్గా చెయ్యి విదిలించాడు. "పిల్లని వెనకేసుకు రాకు. నీ సంగతి నాకు తెలీదా? పెళ్ళైన దగ్గర్నుంచీ నాకిది కావాలని ఒక్కనాడైనా అడిగావా?"

"అదీ మాట. మా కోడలికి ఆశలు లేవురా. పదిమందిలో నేనెప్పుడూ చెప్పేదే" అంది అత్తగారు. నిజంగా మెచ్చుకోలుగానే అంది. ఆ మెచ్చుకోలు చాటునే ఇన్నేళ్ళూ దాక్కుంది ఆమె.

"షాపులో పిచ్చుక చెప్పినవన్నీ నేను చెవిలో చెప్పినవే. ఊదాది వద్దన్నది నేను. ఆ డబ్బా వెనక చూస్తే అసలు వాట్లు పావువంతు కూడా లేవు. మన ట్రేకి ఇంత పొడుగుదే సరిపోతుంది. జానెడు ఎత్తులో ఉంచాలి, మొక్క పెరిగేకొద్దీ పైకి జరపాలి. మొన్న మీరు ఫొటో కోసం పైకెత్తి అలాగే వదిలేస్తే కొత్తిమీర సాగిపోబోయింది, నేనే దించాను." ఆపకుండా చెప్పింది.

భర్త డబ్బా వంకా, ఆమె వంకా చూశాడు. "మరి పొద్దున స్కూల్లో? పిల్ల అన్ని మాటలు పడుతుంటే అలా కూర్చున్నావా?"

"కూర్చున్నాను."

"సిగ్గుగా లేదూ?"

"ఉంది" అంది.

ఆమె ఏడుస్తుందనో, కాదంటుందనో అతను అనుకున్నట్టున్నాడు. "సరే, ఇంట్లో తెలిసిపోయిందిగా. ఇక్కడితో వదిలెయ్. మళ్ళీ బయటెక్కడా అనకు, పరువు పోతుంది" అన్నాడు.

"పిచ్చుక పరువు ఆల్రెడీ పోయింది" అంది ఆమె. డబ్బా తీసుకుని వంటింట్లోకి వెళ్ళి లైటు మళ్ళీ తగిలించింది. అత్తగారు గుమ్మంలోంచి చూస్తూ నిలబడింది.

మర్నాడు పార్సెల్ ఆఫీసుకి ఆలస్యంగా వస్తానని ఫోను చేసి, పిచ్చుకతో పాటు స్కూలుకి వెళ్ళింది. "వద్దమ్మా, ప్లీజ్" అంటూ గేటు దాకా వెనక్కి లాగుతూనే ఉంది పిల్ల. తల్లి టీచరు ముందు నిలబడితే తనకెంత తలవంపులో తనకే తెలుసు. ఆ సంగతి ఆమెకీ తెలిసింది. అయినా వెళ్ళింది. నిన్న ఏ కుర్చీలో కూర్చుని నోరు మూసుకుందో దాని పక్కన నిలబడే చెప్పింది. అబద్ధం తనదని, పిల్ల తనని కాపాడిందని, నిన్న ఆ మాటలన్నీ తను పడాల్సినవని.

టీచరు పిచ్చుకని దగ్గరికి పిలిచి, "నిన్ను ఊరికే అన్నాను, ఏమనుకోకమ్మా" అంది. పిచ్చుక నేలని చూస్తూ తలూపింది. తర్వాత టీచరు ఆమె వైపు తిరిగింది. కోపమేమీ లేదు, వింతగా చూస్తోంది.

"అడిగితే మీవారు కొనరా?"

"కొనేవారేమో. నేను అడగలేదు."

"ఇంతకీ ఆ మొక్కలు దేనికోసమండీ?"

జవాబులు వరసగా నోటి దగ్గరికొచ్చాయి. వంటలోకి తాజాగా ఉంటాయని, పిల్ల నేర్చుకుంటుందని, ఇంటికి కళని. అన్నిటినీ మింగేసింది.

"నాకోసం" అంది. ఆ మాట వెనక ఇంకో మాట అతికించాలని పెదవులు కదిలాయి. అతికించలేదు.