ఒక గుండుసూది తక్కువ

దర్జీ ఎడమ మణికట్టుకి ఎప్పుడూ ఒక బుల్లి దిండు కట్టి ఉంటుంది. దాని నిండా గుండుసూదులు. స్నానానికీ నిద్రకీ తప్ప దాన్ని విప్పడు. ఎక్కడ ఏ అంచు విడిపోయినా సరే, మనసుకి చెప్పకుండానే అతని చెయ్యి దిండులోంచి ఒక సూది తీసి గుచ్చేస్తుంది. కిటికీ తెర కావచ్చు, చిరిగిన సంచి కావచ్చు, పాల ప్యాకెట్టు మూతి కావచ్చు. "ఏదో ఒకరోజు నన్ను కూడా గోడకి గుచ్చి మర్చిపోతారు," అంటూ ఉంటుంది భార్య.

ఆ రోజు మనవరాలి పుట్టినరోజు. కుదురుగా ఒకచోట కూర్చున్న పాపాన పోదు కనుక ఆ పిల్లని ఇంటిల్లిపాదీ ఉడత అనే పిలుస్తారు. కూతురి ఇల్లు రెండు వీధుల అవతలే. వచ్చే పిల్లలకీ పెద్దలకీ తిండి తాను చేస్తానని దర్జీ భార్య మాట ఇచ్చేసింది. పెళ్ళికి ముందు ఆవిడ ఒక బేకరీలో పనిచేసింది. ఆ బేకరీ ముసలాయన ఓడల్లో వంటచేసి వచ్చినవాడు. ఇటలీ వాళ్ళ తిండి ఆయన దగ్గరే నేర్చుకుంది, ఇన్నేళ్ళయినా ఒక్కటీ మర్చిపోలేదు.

ముందురోజు వియ్యపురాలు ఫోన్ చేసి ఒక చురక వేసింది. "పుట్టినరోజు పూట బ్రెడ్డు ముక్కలా వదినగారూ? మా ఇంట్లో జ్వరమొచ్చిన వాళ్ళకి పెట్టేవాళ్ళం."

"మీకు పెట్టను లెండి వదినగారూ, ఆరోగ్యంగానే ఉన్నారుగా," అని ఈవిడ నవ్వుతూనే ఫోన్ పెట్టేసింది. పెట్టాక మాత్రం కాప్సికమ్‌లని కాస్త గట్టిగానే కడిగింది.

తెల్లారి లేచి వంటింట్లో యుద్ధం మొదలుపెట్టింది. ఎర్ర కాప్సికమ్‌లు మంట మీద నల్లగా కాల్చి, తొక్క వలిచి, పీలికలు చేసింది. వంకాయలు చక్రాలుగా కోసి నూనెలో వేయించింది. ఆలివ్ కాయలకి గింజలు తీసి తరిగింది. బేసిల్ ఆకూ వెల్లుల్లీ నూనె పోసి నూరింది. రొట్టె బిళ్ళలు కాల్చి, వాటి మీద పచ్చి వెల్లుల్లి రుద్ది, టమాటా ముక్కలు పోగులు పెట్టింది. పుట్టగొడుగుల టోపీల్లో చీజ్ కూరి ఓవెన్‌లోకి తోసింది. ఇక అసలువి, శాండ్విచ్‌లు. జానెడు పొడుగు బన్నులని పక్క నుంచి చీల్చి, లోపలి మెత్తదనం తవ్వేసి, ఆ గుంటలో పొర మీద పొర నింపింది. ఒక్కొక్కటీ నెలలు నిండిన గర్భిణిలా తయారైంది.

"ఏవండీ, నేను స్నానం చేసొస్తా. ఇవి మూసి, చెక్కపలక కింద పెట్టి, దాని పైన బరువు పెట్టండి. బరువుంటేనే రసం బన్నులోకి దిగుతుంది. కాసేపయ్యాక తీసి కాగితం చుట్టండి."

"బరువంటే?"

"మీ ఇస్త్రీపెట్టె ఉందిగా. చల్లారిందో లేదో చూసి మరీ పెట్టండి. నా శాండ్విచ్‌లకి మడతలు తీయకండి."

దర్జీ మొదటి శాండ్విచ్ మూశాడు. అది మూసుకోలేదు. ఈ పక్క నొక్కితే ఆ పక్క నుంచి వంకాయ జారింది, ఆ పక్క నొక్కితే కాప్సికమ్ పీలిక నాలుక చాపింది. పై అంచూ కింది అంచూ కలవకపోతే అతని చెయ్యి ఊరుకుంటుందా? దిండులోంచి ఒక ఎర్రతల గుండుసూది తీసి గుచ్చేసింది. రెండోదానికీ అంతే. అయ్యో, ఇది తిండి కదా అని అతనికి తోచేసరికి వరసంతా గుచ్చడం అయిపోయింది. చూస్తే ముచ్చటగా ఉంది, కుట్టబోయే ముందు గౌను అంచులా. బరువు పెట్టి, కాసేపు ఆగి తీసి చూశాడు. మూతులు బుద్ధిగా అతుక్కున్నాయి. సూదులన్నీ లాగి, నూనె జిడ్డు వదలాలని సబ్బునీళ్ళ గిన్నెలో వేసి, శాండ్విచ్‌లకి కాగితాలు చుట్టాడు.

స్నానం చేసొచ్చిన భార్య ఆశ్చర్యపోయింది. "ఇంత ఒద్దికగా ఎలా మూసుకున్నాయండీ?"

"చేతి పనమ్మా," అన్నాడు దర్జీ. సూదుల సంగతి చెబితే అక్షింతలు పడతాయని తెలుసు. అల్లుడు కారు తెచ్చాడు. పళ్ళేలతో సహా అత్తగారిని ఎక్కించుకుని వెళ్ళాడు. ఒక కోటు చేతులు తగిలించే పనుంది, అది కాగానే వస్తానన్నాడు దర్జీ.

అతను గిన్నెలోంచి సూదులు తీసి, తుడిచి, దిండు మీద గుచ్చడం మొదలుపెట్టాడు. ఎర్రతలవి దిండు అంచు చుట్టూ వలయంలా ఉంటాయి. మొన్ననే కొన్న కొత్తవి, వలయం నిండుగా ఉండేది. చివరి సూది గుచ్చాడు. ఇంకా ఒక సూది పట్టేంత ఖాళీ మిగిలింది.

గిన్నెలో చెయ్యి పెట్టి కలియబెట్టాడు. నీళ్ళే తగిలాయి. సింకు జాలీ కింద చూశాడు. చొక్కా మెడపట్టీ తడిమాడు. నేల మీద బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించి, మంచం కింద నుంచి మిషను కింద దాకా చూశాడు. బన్నుల లోంచి తవ్విన మెత్తదనాన్ని చిటికెడు చిటికెడు చిదిమి చూశాడు. చెత్తబుట్ట కాగితం మీద బోర్లించాడు. వంకాయ తొడిమలు, వెల్లుల్లి పొట్టు, ఆలివ్ గింజలు కనబడ్డాయి.

అప్పుడు అతని కళ్ళ ముందు ఆ ఎర్ర తల మెదిలింది. ఎర్రటి కాప్సికమ్ పీలికల మధ్య ఎర్రటి పూస. బరువు కింద నలిగి లోపలికి దిగిపోతే ఏ కంటికి ఆనుతుంది?

గుండుసూది మొన ఎలాంటిదో అతనికి తెలిసినట్టు ఎవరికి తెలుసు? ఎన్నిసార్లు బొటనవేలిలో దిగబడిందో! వేలికైతే చర్మం ఉంది, కాయ కాసింది. ఉడత గొంతు ఎంతుంటుంది? దారపు రీలు మధ్యనుండే రంధ్రమంత.

భార్యకి ఫోన్ చేశాడు. ఆ ఫోన్ అల్మరాలోనే మోగింది. కూతురికి చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు.

"తాతయ్యా!" అవతల ఉడత. వెనక పాటల హోరు. "కేకు కోసేశాం! నువ్వు రాలేదుగా, నీ ముక్క నేను తినేశా!"

"అమ్మకివ్వమ్మా ఫోను. తొందరగా."

"అమ్మ బెలూన్ ఊదుతోంది. తాతయ్యా, అమ్మమ్మ చేసింది తింటున్నా, నోటినిండా, ఇదుగో విను..." కరకర నమిలిన చప్పుడు.

"తినకు తల్లీ! ఉమ్మెయ్!"

ఫోన్ కట్టయిపోయింది.

తలుపు వేశాడో లేదో కూడా గుర్తులేదు. ఆ వయసులో అతను పరుగెత్తడం వీధి ఎప్పుడూ చూడలేదు. సైకిళ్ళు బాగుచేసేవాడు పైకి లేచి, "ఏంటి తాతా, అప్పులోళ్ళా?" అని అరిచాడు. దర్జీకి వినబడలేదు. ఒక చెప్పు మలుపులోనే ఊడిపోయింది. ప్రతి అడుగుకీ ఒక్కటే కనిపిస్తోంది, ఆ పిల్ల నోరు తెరిచి గొంతు పట్టుకోవడం. భగవంతుడా, నా గొంతులో గుచ్చు, నా కంట్లో గుచ్చు అనుకుంటూ మెట్లెక్కాడు.

గుమ్మంలో నిలబడి గొంతు చించుకున్నాడు. "తినకండి! ఎవరూ ఏమీ తినకండి! కదలకండి!"

పిల్లలు అదేదో ఆట అనుకున్నారు. ఎక్కడివాళ్ళక్కడ బొమ్మల్లా బిగుసుకుపోయారు. ఒకడైతే ఒంటికాలి మీదే ఆగిపోయాడు.

సోఫా మూల నుంచి వియ్యపురాలు నవ్వింది. "చూశారా, వదినగారి వంటని అన్నయ్యగారే వద్దంటున్నారు!"

దర్జీ ఉడత ముందు మోకాళ్ళ మీద కూలబడి, దాని బుగ్గలు నొక్కి నోరు తెరిపించాడు. "ఏం తిన్నావే? ఏం తిన్నావ్?"

"టమాటా బిళ్ళ," అంది ఉడత, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా.

"పెద్దవి?"

"పెద్దవి ఇంకా వంటింట్లోనే ఉన్నాయండీ," అంది భార్య, చేతిలో నీళ్ళ జగ్గుతో వచ్చి. "కేకు తిన్నారు కదా, కాసేపాగి పెడదామని. ఏమైంది? ఆ చెప్పేదేదో సరిగ్గా చెప్పండి."

దర్జీ రొప్పుతూనే చెప్పాడు. "శాండ్విచ్‌లో గుండుసూది ఉంది. నాదే. మూతులు మూసుకోకపోతే గుచ్చాను. తీశాననుకున్నాను. ఒకటి రాలేదు."

పాట ఎవరో ఆపేశారు.

"గుండుసూదులా?" భార్య గొంతు లేచింది. "అది తిండనుకున్నారా, లంగా అనుకున్నారా?" ఇంకా తిట్టబోయి, అతని మొహం చూసి ఆగిపోయింది.

కూతురు పిల్లల్ని గదిలోకి తోలింది. అల్లుడు వంటింటి గట్టు మీద పేపర్లు పరిచాడు. నలుగురూ కలిసి ఒక్కొక్క శాండ్విచ్ విప్పి, పొరలు విడదీసి, బన్ను చిదిమి, పీలిక పీలికనీ వేళ్ళ మధ్య నలిపారు. పొద్దుటి నుంచీ పడిన శ్రమంతా పేపర్ల మీద ముద్దయిపోయింది. నూనె మోచేతుల దాకా కారింది. ఆఖరిది విప్పారు. సూది లేదు.

"ఇంట్లోనే ఎక్కడో పడి ఉంటుంది నాన్నా," అంది కూతురు, చెమట తుడుచుకుంటూ. "ప్రాణం పోయినంత పని చేశావు."

దర్జీ కూడా నమ్మబోయాడు. అంతలో భార్య ఖాళీ పళ్ళేన్ని ఎత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "నేను వరసలు నిండుగా పేర్చి తెచ్చాను. ఇందాక తీసేటప్పుడు ఈ మూల ఖాళీగా ఉంది. మీరెవరో తీసి విప్పుతున్నారనుకున్నా."

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరూ తీయలేదు.

పిల్లల్ని అడిగారు. లేదు, లేదు, లేదు. ఒకడు మాత్రం, "తింటే కొడతారా?" అన్నాడు. దర్జీ గుండె గుభేలుమంది. వాడు తిన్నది కేకు మీది చెర్రీ అని తేలేదాకా మళ్ళీ కొట్టుకోలేదు. పెద్దవాళ్ళ దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు. "తిన్నవాళ్ళ తప్పు లేదు. తప్పంతా నాది. తిని ఉంటే చెప్పండి. ఇది దాచుకునే సంగతి కాదు."

ఎవరూ పలకలేదు. వియ్యపురాలు కూడా పలకలేదు. ఆవిడ పలకకపోవడమే అతనికి వింతగా తోచింది. ఇలాంటి అవకాశం దొరికితే పదేళ్ళకి సరిపడా దెప్పే మనిషి! అటు చూశాడు. ఆవిడ సోఫా అంచున నిటారుగా కూర్చుంది. ఒక చెయ్యి మెడ మీద ఉంది. మింగుతోంది, ఆగి మళ్ళీ మింగుతోంది. దొంగకి తేలు కుట్టినట్టు, కళ్ళ నిండా నీళ్ళే గానీ నోట మాట లేదు.

దర్జీ వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మిగతావాళ్ళకి వినబడకుండా అడిగాడు. "చెల్లెమ్మా, రుచి చూశారా?"

"నేనా? ఆ జ్వరం రొట్టె..." అంది. మాట సగంలోనే బొంగురుపోయింది. "వాసన బాగుందన్నయ్యగారూ. వంటింట్లో ఎవరూ లేరు కదాని ఒక్కటి తీసుకున్నా. వదినగారు వచ్చేస్తారేమోనని నమిలీ నమలకుండా మింగేశాను. ఇక్కడ ఏదో గుచ్చుకుంది. కాల్చిన పెచ్చు అనుకున్నా. ఇంకా గుచ్చుతూనే ఉంది."

"ఇంక మింగకండి. మాట్లాడకండి. ఉమ్ము కూడా ఈ తువ్వాల్లోకే."

అల్లుడు కారు ఎలా నడిపాడో అతనికే తెలియాలి. వెనక సీటులో ఆవిడ, పక్కన దర్జీ భార్య. కారు గతుకుల్లో పడ్డప్పుడల్లా ఆవిడ ఈవిడ చెయ్యి పట్టి నలిపేసింది. ముందు సీటులోంచి దర్జీ వెనక్కి తిరిగి ఆ మెడనే చూస్తూ కూర్చున్నాడు, చూపు తిప్పితే సూది కదులుతుందేమో అన్నట్టు.

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ దాన్ని వెలుతురుకి పెట్టి చూపించింది. బూడిదరంగు ఎముకల మధ్య సన్నటి తెల్లగీత. అంత సూటి గీత మనిషి ఒంట్లో ఎక్కడా ఉండదు.

"కడుపులోకి జారలేదు. గొంతు దిగువ గోడకి గుచ్చుకుని ఆగింది. మత్తిచ్చి, గొట్టం వేసి తీస్తాం. ఆ పక్కనే పెద్ద రక్తనాళం ఉంది..." అని ఆగి, "సంతకం ఎవరు పెడతారు?" అంది.

అల్లుడు సంతకం పెట్టాడు. మంచం మీద తోసుకెళ్తుంటే వియ్యపురాలు తల తిప్పి దర్జీ వైపు చూసింది. కోపంగా చూసినా తట్టుకునేవాడే. భయపడ్డ చిన్నపిల్లలా చూసింది.

తలుపు మూసుకుంది. దర్జీ బల్ల మీద కూర్చున్నాడు. ఒక కాలికే చెప్పుంది. చేతికి ఇంకా దిండు ఉంది. విప్పుదామంటే ముడి వేళ్ళకి చిక్కలేదు. భార్య వచ్చి ఒక్క లాగు లాగి విప్పి, సంచిలో అడుక్కి తోసేసింది.

"ఏం మాట్లాడకండి," అంది.

"నేనేం మాట్లాడలేదే."

"పెదాలు కదులుతున్నాయి."

"ఆవిడకేమన్నా అయితే..."

"అందుకే మాట్లాడకండన్నాను." ఆవిడ సంచి మూతి ముడేసింది. "పాపిష్టిదాన్ని, ఆరోగ్యంగా ఉన్నారుగా, మీకు పెట్టనన్నాను. దొంగచాటుగా తినాల్సొచ్చింది ఆ మనిషికి."

లోపలి నుంచి నర్సు బయటికి పరుగెత్తింది. దర్జీ లేచి నిలబడ్డాడు. ఆమె ఏదో పొడుగాటి సామాను పట్టుకుని మళ్ళీ లోపలికి పరుగెత్తింది, వీళ్ళ వంక చూడనైనా చూడలేదు. గోడ పట్టుకుని నిలబడ్డాడు. సున్నం గోళ్ళలోకి దిగింది.

తలుపు తెరుచుకునేసరికి అల్లుడు మంచినీళ్ళకని వెళ్ళి ఉన్నాడు. డాక్టరమ్మ చేతిలో స్టీలు గిన్నె ఉంది. అందులో, కాస్త వంగిపోయి, ఎర్రతల గుండుసూది.

"వచ్చేసింది. చిన్న గాయమే. రెండు రోజులు మెత్తటిది తినాలి. ఇది ఎవరిది?"

"నాదేనమ్మా," అన్నాడు దర్జీ. తీసుకోమని ఆమె గిన్నె చాపింది. అతని చెయ్యి ముందుకు రాలేదు. జీవితంలో మొదటిసారి ఆ చెయ్యి గుండుసూదికి భయపడింది. భార్యే గిన్నె అందుకుంది.

మత్తు దిగాక లోపలికి రానిచ్చారు. వియ్యపురాలు దిండుకి ఆనుకుని కూర్చుంది. మొహం వాడిపోయింది, జుట్టు రేగిపోయింది. దర్జీ ఏదో అనబోతే చేత్తో వారించింది. గొంతు గరగరలాడుతుండగా, దర్జీ భార్య వైపు తిరిగి, ఒక్కో మాటా కూడబలుక్కుని అంది. "వదినగారూ, రుచి అద్భుతం. దొంగచాటుగా తిన్నానని మా అబ్బాయితో మాత్రం అనకండి."

"ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది వదినగారూ," అంది దర్జీ భార్య, కళ్ళొత్తుకుంటూ. "పిల్లలతో సహా."

ఆవిడ నవ్వబోయింది. నొప్పికి ఆగిపోయి, నీళ్ళని సైగ చేసింది. ఇవ్వొచ్చని నర్సు తలూపింది. దర్జీ గ్లాసులో నీళ్ళు పోశాడు. పోసి, అందించబోయి ఆగాడు. గ్లాసుని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాడు. అటు తిప్పి, ఇటు తిప్పి, అడుగు నుంచి కూడా చూశాడు.

వియ్యపురాలు అతన్నే చూస్తోంది. అందుకోవడానికి చాచిన చెయ్యి గాలిలోనే ఉంది.

"తాగొచ్చా అన్నయ్యగారూ?" అంది, నెమ్మదిగా.

"ఒక్క నిమిషం చెల్లెమ్మా," అని దర్జీ ఆ నీళ్ళని పారబోసి, గ్లాసు కడిగి, మళ్ళీ పోశాడు.