లావు గీతల చాటున

నేను ఒక తుపాకీకి అమర్చిన కన్నును. నన్ను స్కోపు అంటారు. జానెడు పొడవు నల్లటి గొట్టం, రెండు కొసలా అద్దాలు, లోపల అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీతలు. నాలోంచి చూస్తే దూరంగా ఉన్నది దగ్గరికొస్తుంది. గీతలు కలిసేచోట ఏది ఉంటే గుండు దానికి తగులుతుంది. నా పని అంతవరకే. అక్కడున్నది ఏమిటో, ఎవరో చెప్పే శక్తి నాకు లేదు. మనుషులు ఎందుకో ఈ సంగతి మరిచిపోతుంటారు.

ఎక్కడో చలిదేశపు కార్ఖానాలో పుట్టాను. తెల్లకోటు వేసుకున్న ఒకావిడ ఊపిరి బిగబట్టి నా గీతలను లోపల బిగించింది. అంచుల దగ్గర అగ్గిపుల్లంత లావుగా మొదలై, నడిమికి వచ్చేసరికి వెంట్రుకలా సన్నబడే గీతలు. పని అయ్యాక కిటికీలోంచి ఎదురింటి పొగగొట్టం వైపు నన్ను తిప్పి చూసి, తల ఊపి, పెట్టెలో పెట్టేసింది. మళ్లీ వెలుతురు చూసేసరికి హైదరాబాదులో ఒక తుపాకుల దుకాణపు అద్దాల అలమరాలో ఉన్నాను. నాకు ఎడమపక్కన ఒక స్కోపు, దానివి ఈ చివర నుంచి ఆ చివరకు సాలెపోగు లాంటి సన్నగీతలు. కుడిపక్కన ఇంకొకటి, దాని గీతల నిండా పూసలు గుచ్చినట్టు చుక్కలు. మా ముగ్గురిలో ఎవరు గొప్పో అని వచ్చినవాళ్లంతా వాదించుకునేవారు. వాళ్లలో చాలామంది పిచ్చుకను కూడా కొట్టి ఉండరు.

జాడి బానయ్య అలా కాదు. ముసురు పట్టిన సాయంత్రం దుకాణంలోకి వచ్చాడు. సరిహద్దు దళంలో పనిచేసి పింఛను తీసుకుంటున్న మనిషి, మంచిర్యాల అవతల గోదావరి పక్క ఊరు. పంటల మీద పడే అడవిపందులను కాల్చడానికి అనుమతి ఉన్న కొద్దిమందిలో ఒకడు. వస్తూనే తన పాత స్కోపును బల్ల మీద పెట్టాడు. అది నా ఎడమపక్క దానికి అక్కలాంటిది, సన్నగీతలది.

"దీంతోటే మోసపోయిన భాయ్. పొద్దుగూకేటాళ్ల నల్లటి పంది మీద ఈ గీతలు కలిసిపోయినయ్. గీత ఏడున్నదో కనవడలే. అందాదగ కొట్టిన. ఎనుకకాలుకు తాకి మక్కజొన్నలల్ల వడ్డది. తెల్లారి పోశం అనేటోడు నీళ్లు మలుపవోతే తొడ చీరేసింది. పానమైతే ఉన్నది గని దవఖానల ఉన్నడు."

దుకాణదారు నవాజ్ ఖాన్ మా ముగ్గురినీ తీసి వాకిట్లోకి తెచ్చాడు. రోడ్డుకు అవతల చెట్టుకింద నల్ల స్కూటరు నిలబెట్టి ఉంది. "దాని సీటు చూడు సాబ్. పంది అనుకో."

బానయ్య ముందు సన్నగీతల దాన్ని కంటికి పెట్టుకున్నాడు. "ఇది పట్టపగలైతే బంగారం. దూరంల చిన్నదాన్ని కూడ మూయదు. గని నాకు పట్టపగలు పంది దొరుకుతదా?" చుక్కల దాన్ని తీసుకున్నాడు. "ఈ చుక్కలేంది?"

"దూరం లెక్క కట్టి, ఒక్కో దూరానికి ఒక్కో చుక్క మీద గురి పెట్టాలె. మైదానంల నిలబడ్డ జంతువుకు మంచిగుంటది."

"మక్కచేన్ల ఉరికేదానికి లెక్కలు ఏడ కట్టాలె భాయ్?"

చివరికి నన్ను ఎత్తాడు. నా లావుగీతలు నాలుగు వైపుల నుంచీ చూపును నడిమికి తోశాయి. ఆ మసకలోనూ గీతలు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. బానయ్య చాలాసేపు కదలలేదు.

"ఇది కనవడుతున్నది" అన్నాడు.

"ఒక్కమాట సాబ్. లావుగీతలు కనవడుతయ్ గని, వాటి ఎనుక ఉన్నది కనవడదు. యాద్ పెట్టుకో." ఖాన్ ఆ మాట అన్నప్పుడు బానయ్య నన్ను గుడ్డతో తుడుస్తున్నాడు.

నన్ను రైఫిలు మీద బిగించి, ఊరి బయట మట్టికట్టకు కాగితం అంటించి, మరలు తిప్పుతూ గురి కుదిర్చాడు. ఊళ్లో ఎవరూ పొలాలకు పోవడం లేదు. మక్కలు ఎండి కోతకు వచ్చి నిలబడ్డాయి. కుంటిపంది ఆ చేలలోనే తిరుగుతోంది. సర్పంచి డప్పు వేయించాడు, పొద్దుగూకేవేళ ఎవరూ చెలకల్లోకి పోవద్దు, బానన్న మంచె మీద ఉంటాడని.

ఆ డప్పు వినని మనిషి ఒకామె ఉంది. పోశం భార్య లచ్చవ్వ. దవాఖానలో మొగుడి దగ్గరే ఉండి, బర్రె ఆకలికి అరుస్తోందని పక్కింటివాళ్లు కబురు పెడితే ఆ సాయంత్రమే బస్సు దిగింది. ఇంట్లో గడ్డిపోచ లేదు. కొడవలి తీసుకుని, వాన జల్లుకు నల్లగొంగడి నెత్తిన కప్పుకుని కాలువగట్టుకు నడిచింది. ఇదంతా మాకు తర్వాత తెలిసింది.

మంచె మీద బానయ్య అప్పటికే రైఫిలును అడ్డకర్రకు ఆనించి కూర్చున్నాడు. చేను సగం కోసి ఉంది, సగం నిలబడి ఉంది. కోసినవైపు కాలువగట్టు. వెలుతురు మెల్లగా ఇంకిపోతోంది. గట్టు కింద నల్లటి వీపు ఒకటి కదిలింది. వంగి, కొంచెం ముందుకు జరిగి, ఆగి, మళ్లీ వంగింది. పంది మూతితో నేల తవ్వేటప్పుడు అచ్చం అలాగే కదులుతుంది.

బానయ్య కన్ను నాకు ఆనింది. నా నడిమి సన్నగీతలు ఆ నల్లటి వీపు మీద కుదురుకున్నాయి. కిందినుంచి వచ్చే లావుగీత దాని కింది సగాన్ని మూసేసింది. పొరపాటుకు తావు లేనంత చక్కటి గురి. నన్ను చేసినావిడ చూస్తే మెచ్చుకునేది.

అతని వేలు మీటను తాకింది. ఊపిరి సగం వదిలి బిగబట్టాడు. అతని గుండె కొట్టుకోవడం గొట్టం దాకా తెలుస్తోంది. నేను అరవలేను. కన్ను మూసుకోనూ లేను.

"కాళ్లేవి?" అని గొణిగాడు బానయ్య.

పోయినసారి అందాదగా కొట్టిన గుండు అతన్ని ఆపిందో, ఖాన్ మాట ఆపిందో నాకు తెలియదు. వేలు వెనక్కి తీశాడు. తుపాకీని పక్కకు జరిపాడు. లావుగీత తప్పుకుంది. దాని చాటున ఒక మడమ, బురదంటిన వెండి కడియం, గడ్డి పట్టుకున్న చెయ్యి.

గొంగడి కింది మొహాన్ని పోల్చుకుని బానయ్య నా మీద నుంచి తల ఎత్తేశాడు. ఆ క్షణంలోనే నిలబడి ఉన్న మక్కచేను అంచున ఆకులు విరిగిన చప్పుడైంది.

"లచ్చవ్వా! పంది! కాలువల దుంకు!"

ఆమె దూకలేదు. పిలిచిందెవరా అని నిటారుగా నిలబడి మంచె వైపు తిరిగింది. కుంటిపంది చేనులోంచి బయటపడి ఆమె వీపు వైపే వస్తోంది. మూడు కాళ్ల మీద అంత వేగం ఎలా వచ్చిందో! బానయ్య మళ్లీ నా దగ్గరికి వచ్చాడు. నా గుండ్రంలో పంది ఉంది, దాని పక్కనే ఆమె ఉంది. గీతలు పంది మీదికి పోతే ఆమె అడ్డం వస్తోంది. అతను కాల్చలేదు. కాల్చకుండా ఉండటం ఎంత కష్టమో ఆ చేతుల బిగువులో తెలిసింది.

అప్పుడు లచ్చవ్వ వెనక్కి చూసింది. చూసి, నెత్తిమీది గొంగడిని రెండు చేతులా లాగి దాని మొహం మీద విసిరి, కాలువలోకి పడిపోయింది. పంది గొంగడిని కోరలతో ఎగరేసి కుమ్మింది. నా గుండ్రంలో ఇప్పుడు పంది, వెనుక తడిమట్టి, అంతే. గీతలు భుజం వెనుక కుదురుకున్నాయి.

తుపాకీ పేలింది. పంది గొంగడి మీదే ఒరిగింది.

బానయ్య మంచె దిగి పరుగెత్తేసరికి లచ్చవ్వ మోకాలిలోతు నీళ్లలో కూర్చుని ఉంది. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "అన్నా, బర్రెకు గడ్డి తడిసిపాయె" అంది. తర్వాత ఏడ్చింది.

ఊరంతా బానయ్యను పొగిడింది. సర్పంచి శాలువా కప్పాడు. లచ్చవ్వ పానం కాపాడిన దేవుడని ఆడవాళ్లు దిష్టి తీశారు. పొగుడుతున్నప్పుడు మనుషులు ఎదుటివాడి మొహం చూడరు. బానయ్య అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. రైఫిలు తుడిచేవాడు, నన్ను మాత్రం తాకేవాడు కాదు.

పోశం దవాఖాన నుంచి ఇల్లు చేరాక, ఒక పొద్దున బానయ్య నన్ను రైఫిలు మీద నుంచి విప్పి, తువ్వాలులో చుట్టుకుని వాళ్లింటికి పోయాడు. పోశం తొడకు కట్టుతో మంచం మీద ఉన్నాడు. లచ్చవ్వ చాయ్ పెడతానంది.

"వద్దు చెల్లె, కూసో. ఒకటి చెప్పాలె." తువ్వాలు మూటను ఒళ్లో పెట్టుకున్నాడు. "పంది కంటె ముందుగాల నేను గురి పెట్టింది నీ మీదనే."

"నా మీదనా?"

"పందే అనుకున్న. మీట మీదికి వేలు గూడ పోయింది."

పెరట్లో బర్రె గడ్డి నములుతోంది. పోశం మోచేతి మీద లేచాడు. "మరెందుకు కొట్టలే?"

"కాళ్లు కనవడలే. చూద్దామని జరిపిన."

"జరపకపోతే?"

బానయ్య తువ్వాలు మూటను ముందుకు చాపాడు. పోశం ఏదో అనబోయాడు. లచ్చవ్వ చెయ్యి అడ్డం పెట్టి, "గదేనా? ఇటియ్యి" అంది. తువ్వాలు విప్పి నన్ను తీసుకుంది. ముందు తలకిందులుగా, తర్వాత సరిగ్గా కంటికి పెట్టుకుంది. గోడ చూసింది, తలుపు చూసింది. అలా తిప్పుతూ మంచం వైపు వచ్చింది. నా గీతలు పోశం రొమ్ము మీద కలిశాయి.

ఆమె చటుక్కున నన్ను దించేసింది.

"దీంట్ల నుంచి చూస్తె అందరు ఒక్కతీర్గనే ఉన్నరన్నా" అంది. "నువ్వు చెప్పకపోతె మాకు తెల్వకనే పోతుండె" అని లోపలికి పోయి చాయ్ పెట్టింది. బానయ్య ఆ చాయ్ తాగేసరికి బాగా చల్లారింది. అతను వెళ్లిపోయేటప్పుడు పోశం, "మెల్లగ పోన్నా, మెట్టు తడిగున్నది" అన్నాడు.

ఆ నెలలోనే బానయ్య రైఫిలును ఠాణాలో అప్పగించేశాడు. నన్ను అటవీ శాఖలో బీటు ఆఫీసరుగా ఉన్న శ్యామలకు ఇచ్చాడు. ఆమె నన్ను ఏ తుపాకీకీ బిగించలేదు. ఎండాకాలం నీటిగుంట దగ్గర కావలిగుడిసెలో కూర్చుని, ఏయే జంతువులు దిగుతున్నాయో నాలోంచి చూస్తుంది. ఈ గీతలు అడ్డమొస్తున్నాయని అప్పుడప్పుడూ విసుక్కుంటుంది. నిన్న ఒక దుప్పి దిగింది. గీతలు దాని మెడ మీద కలిశాయి. శ్యామల నన్ను కొంచెం పక్కకు జరిపి, దాని కాళ్ల చాటున నిలబడ్డ పిల్లను చూసింది. రెండూ తాపీగా నీళ్లు తాగి పొదల్లోకి వెళ్లిపోయాయి.