ఎనిమిది కాళ్ల చుక్క

హిమజ పాలపొడి డబ్బా అంచు చుట్టూ వేలు తిప్పి చూసింది. ఎక్కడా గరుకు తగల్లేదు. అయినా తెల్ల టేపు ఇంకో చుట్టు వేసింది. పైకాగితం నిన్ననే వేణ్ణీళ్లలో నానబెట్టి గీకేసింది. వెనక పొయ్యి మీద ఇరవై ఎనిమిది మంది పిల్లలకి పాస్తా ఉడుకుతోంది.

పరాయి దేశంలో, టకానిని అనే ఊళ్లో రైలు పట్టాల పక్కనున్న ఆ డేకేర్‌లో ఆమె వంటమనిషి. పొట్టిగా ఉంటుంది. జుట్టుకి వల, మోచేతుల దాకా మడిచిన చొక్కా చేతులు, బొటనవేలి మీద చెక్కు తీసే కత్తి గీసిన పాత గీత. చదవడానికి వచ్చిన కోర్సు ఒకటి, దొరికిన పని ఒకటి. ఆరేళ్లుగా వడ్డన కిటికీకి అవతలున్న గదిని ఇవతల నుంచే చూస్తోంది.

ఇక్కడ ఐదేళ్లు నిండగానే పిల్లలు ఒక్కొక్కరుగా బడికి వెళ్లిపోతారు. వెళ్లేవాళ్లు ఆఖరి రోజున ఒక డబ్బాకి రంగులు వేస్తారు. మిగతావాళ్లు తలా ఒక చిన్న వస్తువు అందులో వేస్తారు. గుర్తుగా ఇంటికి తీసుకెళ్లడానికి. డబ్బాలు దాచేది, కడిగేది హిమజే. ఇది హాలోవీన్ వారం కాబట్టి ఈసారి గుమ్మడికాయ ముఖం. వెళ్లేది అమృత. ఆదివారానికి దానికి ఐదు నిండుతాయి.

తొమ్మిది నెలల పిల్లగా ఉన్నప్పుడు వాళ్లమ్మ ఆశాజ్యోతి తెచ్చి దింపి ఆస్పత్రి డ్యూటీకి పరుగెత్తింది. చెంచా చూస్తే అమృత మూతి తిప్పుకునేది. ఎవరి చేత్తో వాళ్లే తినాలని అక్కడ రూలు. హిమజ ఆ రూలుని వంటగది తలుపు చాటున పక్కన పెట్టి, తన స్టీలు గిన్నెలో పప్పన్నం మెత్తగా కలిపి వేలితో అందించింది. ఆ గిన్నె హిమజ మొదటి పుట్టినరోజుకి వాళ్ల అమ్మమ్మ కొన్నది. అడుగున చుక్కలు చుక్కలుగా ఆమె పేరు కొట్టించింది. నాలుగేళ్లు అమృత ఆ గిన్నెలోనే తిన్నది. హిమజని అత్తా అని పిలిచింది.

జూన్‌లో శ్రావ్య వచ్చింది. ఈ దేశంలోనే పుట్టింది, టీచరు చదువు చదివింది. ఉకులేలే అనే చిన్న గిటారు వాయిస్తుంది, రెండు జడలు వేసుకుంటుంది. నెల తిరక్కుండా అమృతకీ రెండు జడలు వచ్చాయి. వంటగది తలుపు దగ్గర చిన్న స్టూలు ఖాళీ అయింది. మొన్న హిమజ ముద్ద కలిపి పిలిస్తే, "నో థాంక్యూ, హిమజా" అంది అమృత. అక్కడ పిల్లలు అందరినీ పేరు పెట్టే పిలుస్తారు. అది తెలిసినా ఆ రోజంతా ఉప్పు ఎక్కడ వేసిందో ఎక్కడ మరిచిందో హిమజకి గుర్తులేదు.

పొద్దున్నే గిన్నెని డబ్బాలో పెట్టి చూసుకుంది. సరిగ్గా పట్టింది. మధ్యాహ్నం అందరూ చాప మీద కూర్చున్నప్పుడు తన చేత్తో అందులో వేయాలి. అందరూ చూడాలి. శ్రావ్య చూడాలి.

కిటికీ అవతల శ్రావ్య ఒళ్లో కూర్చుని అమృత డబ్బాకి నారింజరంగు పూసింది. నవ్వే నోరు పెట్టింది. హిమజ కిటికీలోంచి వంగి, కళ్లు ఇంకా పెద్దవి పెట్టాలనీ, తమ ఊళ్లో ఇంటిముందు కట్టే గుమ్మడికాయకి కోరలు కూడా దిద్దుతారనీ చెప్పింది.

"స్కేరీ వద్దంది అక్కా. ఇది హ్యాపీ పంప్‌కిన్" అని శ్రావ్య నవ్వింది. ఆమె బుగ్గ సొట్టపడింది. డబ్బా మీది ముఖానికి కూడా బుగ్గ దగ్గర సొట్ట ఉండటం హిమజ అప్పుడు చూసింది.

భోజనాలయ్యాక పిల్లలు పడుకున్నారు. డబ్బా వంటగది కిటికీలో ఆరుతోంది. హిమజ చేతులు తుడుచుకుని దాని ముందు నిలబడింది. ఆ నవ్వు రేపటి నుంచి అమృత మంచం పక్కన ఉంటుంది. ఒక్క క్షణం ఆ సొట్టని చెరిపేయాలనిపించింది. వెంటనే భయం వేసింది. నరుడి కంటికి నల్లరాయి పగులుతుందంటారు. ఈ గదిలో ఉన్న కళ్లు తనవే.

నల్లరంగులో చూపుడువేలు ముంచి, గుమ్మడికాయ ఎడమ బుగ్గ మీద చుక్క పెట్టింది. పసిదానిగా ఉన్నప్పుడు అమృతకి కాటుకతో పెట్టినట్టే.

లేచి వచ్చిన అమృత డబ్బా చూసి పెదవి విరిచింది. "ఎవరో పాడుచేశారు. డర్టీ చేశారు" అని ఏడ్చింది.

శ్రావ్య చుట్టూ చూసింది. ఆమె చూపు హిమజ వేలి దగ్గర ఒక్క క్షణం ఆగింది. హిమజ చెయ్యి ఏప్రన్‌లోకి లాక్కుంది. శ్రావ్య సన్నని కుంచె తీసుకుని చుక్కకి ఒకటొకటిగా కాళ్లు గీసింది. ఎనిమిదోది గీసేసరికి అమృత నవ్వుతూ లెక్కపెడుతోంది. శ్రావ్య ఒక మాట అనేసి ఉంటే బాగుండునని హిమజకి అనిపించింది.

చాప మీద ఒకరు గవ్వ వేశారు, ఒకరు బొత్తాం, ఒకరు పక్షి ఈక. శ్రావ్య తామిద్దరి ఫొటో వేసింది. తర్వాత వంటగది వైపు తిరిగింది.

"అక్కా, నువ్వు?"

గిన్నె తువ్వాలు కింద ఉంది. హిమజ చెయ్యి కూడా తువ్వాలు కింద, దాని మీదే ఉంది.

"చేతులు తడిగా ఉన్నాయి. మీరు కానివ్వండి."

మూత టక్కుమని పడింది.

నాలుగింటికి ఆశాజ్యోతి వచ్చి, బయట గాలికి కారు తలుపు పట్టుకుని నిలబడింది. అమృత డబ్బాతో వడ్డన కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చి గట్టు మీద గడ్డం ఆనించింది.

"హిమజా, స్పైడర్ ఏం తింటుంది?"

"పప్పన్నం."

"నో! ఫ్లైస్" అంటూ అది పకపకా నవ్వింది. తర్వాత కాస్త ఆలోచించింది. "కొంచెం పప్పన్నం కూడా" అంది.

హిమజ తువ్వాలు అంచు పైకెత్తింది. అంతలో బయటి నుంచి వాళ్లమ్మ కేకేసింది. రెండు జడలు ఊగుతూ గేటు దాటాయి. పిల్లలకి అందకుండా పైన పెట్టిన గడియ పడింది. సోమవారం అమృత సంచి తగిలించే కొక్కేనికి ఇంకో పేరు అంటిస్తారు.

ఆమె బల్లలు తుడిచింది, పొయ్యి తుడిచింది, వేలిని పీచుతో రుద్దింది. గోటి చుట్టూ నలుపు పోలేదు. ఏప్రన్ విప్పి మేకుకి తగిలించి, దీపం ఆర్పి, రైలు అందుకోవడానికి వెళ్లింది.

గట్టు మీద, సగం జరిగిన తువ్వాలు కింద, గిన్నె బోర్లించి ఉంది. అడుగున చుక్కలు చుక్కలుగా హిమజ అని, దాని పక్కన ఒక నల్లటి వేలిముద్ర.