ఎడమవైపు బ్రేకు

నేను ఒక బ్రేకు పెడలును. మీ కార్లలో డ్రైవరు కాలి కింద ఉండే రకాన్ని కాను. డ్రైవింగు స్కూలు కారులో ఎడమవైపు, నేర్పే మాస్టారి కాలి కింద ఉండేదాన్ని. విజయనగరంలో ఒక వెల్డింగు షాపులో పాత లారీ పట్టీ ముక్క కోసి, పైన రబ్బరు తొడిగి నన్ను చేశారు. సన్నటి కడ్డీతో అసలు బ్రేకుకు కలిపారు. నన్ను తొక్కితే అదీ దిగేది.

ఆ చిన్న తెల్లకారులో చాలాకాలం కొలువు చేశాను. నేర్చుకునేవాళ్ళు గేదె అడ్డం వస్తే కళ్ళు మూసుకునేవారు. కొందరు స్టీరింగు వదిలేసి దండం పెట్టేవారు. మాస్టారు కబుర్లు ఆపకుండానే నన్ను తొక్కేవారు. కారు ఆగగానే "చూశారా సార్, ఎలా ఆపానో!" అని వాళ్ళు మురిసిపోయేవారు. మాస్టారు కాదనేవారు కాదు. ఆ ఊరి లైసెన్సుల్లో సగం నేను సంపాదించినవే.

స్కూలు మూతపడ్డాక కారు సాలూరులో గవర్రాజు మెకానిక్ షెడ్డు ముందు అమ్మకానికి నిలబడింది. స్కూలు బండి అని తెలియగానే ఎవరైనా క్లచ్చు సంగతి అడిగి మెల్లగా జారుకునేవారు. అలాంటి చోటికి చిన్నంనాయుడు వచ్చాడు, భార్య అప్పలనరసమ్మతో, కూతురు సుకన్యతో.

సుకన్యకు ఘాటీ మలుపుల కొండదారి పైన ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరకపోతే పోతుంది. అక్కడ ఉండడానికి చోటు లేదు, డ్యూటీ వేళకు బస్సు లేదు. ఆ ఇంట్లో రెండు చక్రాల బండి మాట ఎత్తకూడదు. సుకన్య అన్న రెండేళ్ళ కిందట ఆ ఘాటీలోనే బైకు మీద పోయాడు. కారే కొనాలి, దానికి పూర్తి ఇన్సూరెన్సు ఉండాలి. నాయుడు పెట్టిన షరతు అది.

అతను ఒక పెద్ద కారు మీద చెయ్యి వేశాడు. "ఇలాటి ఇనప బండైతేనే గుంటకి కాపు," అన్నాడు కూతురిని చూపిస్తూ.

వెంట వచ్చిన ఇన్సూరెన్సు ఏజెంటు పట్నాయక్ తల అడ్డంగా ఊపాడు. "దీనికి ఏటేటా కట్టాలంటే పిల్ల జీతం దీనికే సరిపోద్ది నాయుడుగారూ."

"కొత్త డ్రైవరని ఎక్కువ రాస్తారేటి?"

"పిల్లని చూడరండీ. ఇంజను ఎంతదో, బండి విలువెంతో చూస్తారు. మీకు తూగేది ఆ మూలనున్న చిన్నదే."

"అదా? అగ్గిపెట్టిలాగుంది!"

అయినా వచ్చి ఎడమ సీట్లో కూర్చున్నాడు. బొటనవేలికి నేను తగిలాను. తొక్కాడు. మళ్ళీ తొక్కి అలాగే పట్టుకున్నాడు.

"నరసా, ఇక్కడ నాకూ బ్రేకుందే! ఇదే తీసేసుకుందాం."

ఏజెంటు కుదరదన్నాడు. నేను ఉంటే అది స్కూలు బండి కిందే లెక్క, సొంత బండి పాలసీ రాయరు. దాచిపెట్టి రాయించినా రేపు ఏదైనా జరిగితే పైసా రాదు.

"అది తీస్తే బండొద్దు. ఉజ్జోగమూ వద్దు," అని నాయుడు విసురుగా రోడ్డు మీదికి పోయాడు. సుకన్య చేతిలోని కారు తాళంచెవి బానెట్టు మీద పెట్టేసింది.

ఆ తాళంచెవి వంక చాలాసేపు చూసి, అప్పలనరసమ్మ షెడ్డులోకి నడిచింది. "గవర్రాజూ, ఆ కడ్డీ తీసేసి తొక్కేది మట్టుకు ఉంచేస్తే?"

"ఉంచొచ్చప్పా. కానీ తొక్కితే ఒదులుగా దిగిపోద్ది. నాయుడుమావకి తెలిసిపోద్ది."

"తెలీకుండా సెయ్యి బాబూ. నీకు దండమెడతాను."

గవర్రాజు కడ్డీ కోసేసి, నా కింద ఒక స్ప్రింగు బిగించాడు. ఏజెంటు వంగి చూసి, "ఇప్పుడిది కాలు పెట్టుకునే బిళ్ళే," అని ఫొటోలు తీసుకున్నాడు. అలా నా పని పోయింది, కుర్చీ మిగిలింది. మనుషుల్లో ఇలాంటి ఉద్యోగాలు మామూలేనట. ఏజెంటు ఒప్పుకున్నాడని మాత్రమే నాయుడుకు చెప్పారు.

సోమవారం ఘాటీ ఎక్కాం. నాయుడు నా మీద కాలు వేసి కూర్చున్నాడు. వెనక సీట్లో అప్పలనరసమ్మ కొండను చూడలేదు, లోయను చూడలేదు. భర్త మోకాలి మీదే చూపు. ఆ మోకాలు బిగుసుకోగానే ఆమె వేళ్ళు కూతురి భుజాన్ని నొక్కేవి. సుకన్య బ్రేకు వేసేది. కారు నెమ్మదించేది. తెగిన కడ్డీ పని ఆ చెయ్యి చేస్తోంది.

"బాగా పట్టుకుంటందే!" అన్నాడు నాయుడు, చాలా రోజులకు నవ్వుతూ.

ఒక మలుపులో చెడిపోయిన లారీ ఆగి ఉంది. దాన్ని దాటడానికి సుకన్య కుడికి తిప్పింది. అంతలో పైనుంచి బస్సు దిగింది. వెనక ఇంకో లారీ మమ్మల్ని ఆనుకుని వస్తోంది. నాయుడు రెండు కాళ్ళతో నన్ను నేలకు అదిమేశాడు. అప్పలనరసమ్మ గోళ్ళు కూతురి భుజంలో దిగాయి. సుకన్య బ్రేకు వెయ్యలేదు. గేరు తగ్గించి, ఆక్సిలరేటరు తొక్కి, ఆగి ఉన్న లారీ ముందున్న సందులోకి దూరిపోయింది. బస్సు మా కారు పక్క అద్దాన్ని గీరుకుంటూ దిగిపోయింది.

నా కింద స్ప్రింగు విరిగింది. నేను నేలకు అంటుకుపోయి ఉన్నాను, కారు మాత్రం నడుస్తూనే ఉంది. నాయుడు వంగి నన్ను చూశాడు.

"ఆపమ్మా."

దిగి పిట్టగోడ మీద కూలబడ్డాడు. "ఇలా సేయించింది నువ్వేనా?" అన్నాడు భార్యతో.

"నానే."

"ఇది పనిసేసుంటే?"

సుకన్య నెమ్మదిగా చెప్పింది. "మధ్యలో ఆగిపోయేవాళ్ళం నాన్నా. అటు బస్సు, ఇటు లారీ."

నాయుడు తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. "ఆ రోజు బైకు మీద ఆడి ఎనకాల నానుంటే ఆపేద్దునని... రెండేళ్ళుగా అదే అనుకుంతన్నానే..."

అప్పలనరసమ్మ అతని వీపు మీద చెయ్యి వేసింది. కాసేపటికి అతనే లేచాడు. "పదండి. గుంటకి టైమైపోతంది."

ఆ సాయంత్రం అతనే స్పానరు పట్టి నన్ను విప్పాడు. రేపటినుంచి సుకన్య ఒక్కతే వెళ్తుంది, పక్క సీట్లో ఎవరూ ఉండరు. నన్ను పాత ఇనుములో వేస్తాడనుకున్నాను.

వెయ్యలేదు. వీధి అరుగు మీద అతని కుర్చీ కింద ఉన్నానిప్పుడు. రోజూ పొద్దు వాలగానే వచ్చి కూర్చుని నా మీద కాలు వేస్తాడు. రోడ్డు మీద హారను మోగితే తొక్కుతాడు. తెల్లకారు సందు తిరిగాకే కాలు తీస్తాడు.

ఈ రోజు కొండ మీద వాన పడుతోంది. వీధిదీపాలు వెలిగాయి, సుకన్య ఇంకా రాలేదు. ఫోను కలవడం లేదు. నాయుడు నన్ను అదిమి పట్టి ఉన్నాడు. కుర్చీ వెనక నిలబడ్డ అప్పలనరసమ్మ అతని మోకాలినే చూస్తోంది. చెయ్యి ముందుకు చాచింది. నొక్కడానికి అక్కడ కూతురి భుజం లేదు.