మృగం మీది స్త్రీకి ముఖం

“ఈసారి సభలకు నీకు శ్రమ లేదులే. సువా పట్నం నుంచి వచ్చే పిల్ల బొమ్మల ఫ్లెక్సీలు తెస్తోంది” అన్నాడు పాస్టరు ఇలైసా, ఉడికిన కర్రపెండలం ముక్కను కొబ్బరిపాలలో ముంచుకుంటూ. ఆయన భార్య మకెలేసి కొబ్బరి కోరుతోంది. చెయ్యి ఆపలేదు. ఆపితే ఏమైనా అనేస్తానేమోనని ఆమెకే భయం.

శ్రమట! ఇరవై రెండేళ్లుగా చెట్టు బెరడు నానబెట్టి, చెక్క సమ్మెటతో బట్టలా పలచబడేదాకా కొట్టి, మసితో నలుపు, ఎర్రమట్టితో ఎరుపు చేసుకుని, బైబిల్లో దానియేలు ప్రవక్త కలలో చూసిన నాలుగు మృగాలనూ ప్రకటన గ్రంథంలోని ఘటసర్పాన్నీ పటాలుగా వేసి తాముండే చిన్న దీవికి తెచ్చింది ఆమే. అక్కడ ఎవరూ సింహాన్ని చూసి ఎరగరు. ఆ ఊరి పిల్లలకు సింహమంటే మకెలేసి వేసిన గద్దరెక్కల సింహమే. ఘటసర్పం ఏడు తలలకు పది కొమ్ములు ఎలా సర్దాలో ఇలైసా చదివిన బైబిలు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. పెండలం తొక్కలు తీస్తూ ఆమే తేల్చుకుంది, మూడు తలలకు రెండేసి, మిగతా నాలుగింటికి ఒక్కొక్కటి అని. ఘటసర్పానికి కిరీటాలు తలల మీద, సముద్రంలోంచి వచ్చే మృగానికి కొమ్ముల మీద. ఆ తేడా దగ్గర ఆయన ఇప్పటికీ తడబడతాడు, పక్కన నిలబడి ఆమె గొంతు తగ్గించి అందిస్తుంది. సభలో మాత్రం బెత్తం ఆనించి “నేను వేయించిన పటం” అంటాడు. ఒక్కసారి, ఒకే ఒక్క పటం గురించి నేను చెప్పనా అని అడిగింది. దానికి అత్తగారు, “దేవుడు చేతులకు పనిచ్చాడుగా, నోటికెందుకమ్మా ఆత్రం?” అంది. ఇలైసా నవ్వి ఊరుకున్నాడు. అత్తగారు పోయి తొమ్మిదేళ్లయింది. ఆ మాటా ఆ నవ్వూ పోలేదు.

సువా పిల్ల వాసితి పడవ దిగింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, ఎడమ కంటి కింద పుట్టుమచ్చ, ముందుపళ్ల మధ్య చిన్న సందు. పాస్టరింట్లోనే బస. వాళ్ల విశ్రాంతి దినమైన మొదటి శనివారం మధ్యాహ్నం సభలో ఇలైసా తన చేతిలోని బెత్తం తీసి ఆ పిల్ల చేతికిచ్చాడు. నిగనిగలాడే ఫ్లెక్సీ మీద చిరుతపులి నాలుగు తలలూ చూపిస్తూ వాసితి గడగడా చెప్పుకుపోయింది. జనం నోళ్లు తెరుచుకుని విన్నారు. మకెలేసి పాత పటాలు వంటపాకలో చుట్టి ఉన్నాయి. “చూశారా, పిల్ల ఎంత చక్కగా చెబుతోందో” అన్నాడు ఇలైసా అందరి ముందూ.

ఆ రోజు నుంచి మకెలేసికి తిండి సహించలేదు. ఆ పిల్లకు చేప వండి పెట్టింది, లంగాలు ఉతికి ఆరేసింది, పిండేటప్పుడు కసి తీరా పిండింది. మొగుడి చూపు ఆ పిల్ల మీద ఉందని అనుమానించింది. తర్వాత, అది కాదు, బెత్తం ఆ పిల్ల చేతిలో ఉందన్నదే మంట అని ఒప్పుకుంది. కాసేపటికి రెండూ అనుకుంది. అసూయకు న్యాయాన్యాయాలు ఎక్కడివి? దేవుడి పనిలో అసూయ పడుతున్నానని ప్రార్థించబోతే ప్రార్థనలోకీ ఆ పిల్ల పళ్ల సందే వచ్చి కూర్చుంది.

అంతలో విప్పి చూస్తే ఆఖరి ఫ్లెక్సీ పాడై ఉంది. పడవలో వచ్చేటప్పుడే దాని మీద కిరసనాయిలు ఒలికి రంగులన్నీ కలిసిపోయాయి. ఎర్రని మృగం మీద కూర్చున్న వేశ్య బొమ్మ అది. “వచ్చే వారానికి అదొక్కటీ నువ్వు వేసెయ్” అన్నాడు ఇలైసా, టీ పెట్టెయ్ అన్నట్టు.

వేసింది. మృగం ఎప్పటిలాగే వచ్చింది. స్త్రీ ముఖం దగ్గరకొచ్చేసరికి చెయ్యి తనంతట తానే నడిచింది. ఎడమ కంటి కింద చుక్క పెట్టింది. పెదవులు కొద్దిగా తెరిచి పళ్ల మధ్య సందు పెట్టింది. పెడుతున్నంతసేపూ హాయిగా ఉంది, అబద్ధమెందుకు. ఆ దీవిలో ఆడపిల్లకు ఒకసారి చెడ్డపేరు పడితే పడవెక్కి పారిపోయినా వదలదు. ఆ సంగతి తెలిసే పెట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం ఇలైసా వచ్చి కొమ్ములు లెక్కపెట్టాడు. “పది. సరిగ్గా ఉంది. ముఖం కూడా బాగా కుదిరింది” అని వెళ్లిపోయాడు. మకెలేసి నిర్ఘాంతపోయింది. తిడతాడనుకుంది, కనీసం ఉలిక్కిపడతాడనుకుంది.

పొద్దు వాలుతుండగా వాసితి వంటపాకలోకి వచ్చింది. పటం ఇంకా చూడలేదు. గుమ్మంలోనే కూర్చుని, ఫ్లెక్సీలో సముద్రపు మృగానికి తొమ్మిది కొమ్ములే ఉన్నాయనీ, ఎవరైనా అడుగుతారేమోనని సభలో ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని నిలబడ్డాననీ చెప్పింది. తను చెప్పేదంతా పాస్టరు గారు రాసిచ్చిందేనట. ఒక్క ముక్క సొంతంగా కలపబోతే, ప్రశ్నలొస్తే నవ్వమ్మా, చాలు, అన్నారట.

“మీరైతే ఎలా సర్దుతారమ్మగారూ, ఏడు తలలకు పది?”

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మనిషి ఇంకొకరు లేరు. మకెలేసి జవాబు చెప్పేలోపే ఆ పిల్ల పటం దగ్గరకు వెళ్లింది. కొమ్ముల మీద వేలు పెట్టి లెక్కపెడుతూ పైకి వచ్చి ఆగిపోయింది. ఆ వేలు మెల్లగా తన కంటి కిందికి పోయింది.

“ఇది నేనా?”

“నువ్వే. కడుపుమంటతో వేశాను.”

వాసితి పుట్టుమచ్చ మీంచి వేలు తీసింది. “పాస్టరు గారు చూశారా?”

“చూశారు. బాగా కుదిరిందన్నారు.”

ఆ పిల్ల ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు. రెండు వారాలు ఆయన పక్కనే నిలబడ్డానే అంది, అంతే.

పొద్దు సముద్రాన్ని తాకితే విశ్రాంతి దినం మొదలు, ఇక పని ముట్టుకోకూడదు. బెరడు బట్ట మీద పడ్డ మసి తుడిచినా పోదు. చిరుగుకు వేసినట్టు అతుకు వేయాల్సిందే. మకెలేసి కొత్త ముక్క కత్తిరించింది, వాసితి పెండలం గంజి కలిపింది. ఇద్దరూ ముఖం మీద అతుకు పెట్టి అంచులు అదిమారు. గంజి ఆరేలోపు పొద్దు మునిగింది. ముఖం వేయడానికి వేళ లేకపోయింది.

సాయంకాలం ప్రార్థనకు వచ్చిన ఇలైసా పటం చూసి, “ముఖమేది?” అన్నాడు.

“మధ్యాహ్నం ఉంది. మీరు చూశారు. ఎవరిదది?”

“ఎవరిదేమిటి? ఆడదాని ముఖం.”

“వాసితిది. ఓర్వలేక నేను వేశాను. రేపు సభలో ఈ పటం గురించి నేను చెబుతాను. ఆ సంగతితోనే మొదలుపెడతాను.”

ఇలైసా ఆ పిల్ల వైపు ఒకసారి చూశాడు, తల దించుకున్నాడు. పాస్టరు భార్యవి, పరువు పోతుంది, అని గొణిగాడు. పోతే తన పరువేనంది ఆమె. అప్పుడాయన గొంతు మెత్తబడింది.

“ఏదో పనుల హడావుడిలో పోల్చుకోలేదే. నీ ముఖమైతే గుర్తుపట్టనా?”

“దానికి పటం దాకా ఎందుకండీ? ఇరవై రెండేళ్లుగా మీ ఎదురుగానే ఉన్నాను, గుర్తుపట్టారా?” అంది మకెలేసి.