బుల్లమ్మ మోకాలు

జగ్గమ్మ పడిన చోటు ఒకటి, పడిందని చెప్పిన చోటు ఇంకొకటి. ఆమె పడింది పలాస దగ్గర ఒక జీడి ఫ్యాక్టరీలో, పిక్కలు ఉడకబెట్టే బాయిలర్ పక్కన, నెత్తిన మూట ఉండగా. అక్కడి నేల ఎప్పుడూ జీడినూనెతో జిడ్డోడుతూ ఉంటుంది. కాస్త బూడిద చల్లించమని ఆడవాళ్లు అడిగి అడిగి విసిగిపోయారు. కాలు జారింది, మోకాలు మడతపడింది, దాని మీద మూట పడింది. మేస్త్రీ గోపి పరుగెత్తుకొచ్చాడు. ఆమె మొహం చూడలేదు, గేటు వైపు చూశాడు. నలుగురి చేత ఎత్తించి బయట తారురోడ్డు అంచున పడుకోబెట్టాకే ఆటోని పిలిచాడు.

"రోడ్డు మీద పడిపోనాది. అందరూ ఇన్నారా?" అన్నాడు.

అందరూ విన్నారు. అందరూ చూశారు కూడా. ఒక్కరూ నోరెత్తలేదు. దానికి కారణం భయం ఒక్కటే కాదని ఆసుపత్రిలో తెలిసింది. పేరేమిటని నర్సు అడిగితే, నొప్పికి కళ్లు తేలేస్తున్న జగ్గమ్మ "బుల్లమ్మ" అంది.

బుల్లమ్మ ఆమె అత్త. ఆ ఫ్యాక్టరీలో పేర్లు పాతవి, మనుషులు కొత్తవాళ్లు. నడుం వంగి అత్త ఇంట్లో కూర్చుంటే ఆమె పేరు మీద కోడలు పనికి వెళ్తుంది. తల్లి పేరు మీద కూతురు వెళ్తుంది. కొత్త మనిషిని చేర్చుకుంటే కొత్త హక్కులు పుడతాయని సావుకారి భయం. పని దొరికితే చాలు, ఏ పేరుతో పిలిస్తే ఏమని వీళ్ల అవసరం. అత్త ముక్కుపుడకతో పాటు అత్త పేరు కూడా వచ్చిందని కోడళ్లు నవ్వుకునేవాళ్లు. పెళ్లైన ఏడాది నుంచీ గేటు లోపల జగ్గమ్మ బుల్లమ్మే. ఆ పేరు చెబితేనే కాలికి కట్టు కడతారనుకుంది పిచ్చిది.

ఎముక అతికింది గాని మోకాలు వంగలేదు. మూట మోయలేదు, పీట మీద కూర్చుని పిక్కలు కొట్టనూ లేదు. కార్మిక సంఘంలో పనిచేసే హైమవతి, ఒకప్పుడు తానూ పిక్కలు కొట్టిన మనిషే, నష్టపరిహారం కేసు వేయించింది. అప్పటినుంచి శ్రీకాకుళంలో కార్మిక శాఖ ఆఫీసు చుట్టూ తిరగడమే బతుకైపోయింది. బస్సు ఎక్కాలంటే భర్త జగన్నాధం వెనకనుంచి ఎత్తాలి. వెళ్తే అధికారి ఉండడు. అధికారి ఉన్ననాడు సావుకారి వకీలు రాడు. న్యాయం మేడ మీద కాపురముంటుంది మరి, మోకాలు విరిగినవాళ్లు మెట్లెక్కి దర్శనం చేసుకోవాలి.

చివరికి వకీలు ఒకరోజు వచ్చాడు. "మా దగ్గర బుల్లమ్మ అనే కార్మికురాలు ఉన్నమాట నిజం సార్. ఆమె కాళ్లు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. ఈ జగ్గమ్మ ఎవరో మాకు తెలియదు."

అధికారి చెడ్డవాడేం కాదు, అలసిపోయినవాడు. "ఆ బుల్లమ్మని తీసుకురండమ్మా. నువ్వు అక్కడ పనిచేశావని ఫ్యాక్టరీ మనిషి ఒక్కడు చెప్పినా చాలు," అని వాయిదా వేశాడు.

"ఇంక ఆ కేసు ఒగ్గీ," అన్నాడు జగన్నాధం ఆ సాయంత్రం. "కాలు ఎలాగూ పోనాది. దాని ఎనకాల తిరిగి నా కూలీ పోతన్నాది."

మర్నాడు గోపి బేరం పట్టుకొచ్చాడు. కేసు మానేస్తే కూతురు దుర్గాభవానికి పని ఇస్తారట, అదే బుల్లమ్మ పేరు మీద.

"అదే నూనె మీదా?" అని అడిగింది జగ్గమ్మ.

"నూనె నేకుండా జీడి ఉంటాదేటి?" అన్నాడు గోపి.

జగ్గమ్మకు నిజంగానే ఒప్పుకోవాలనిపించింది. ఒళ్లు అలసిపోయింది, అంతకన్నా మనసు అలసిపోయింది. ఆలోచించి చెబుతానంది.

ఆదివారం సంఘం గదిలో ఆడవాళ్లు కూడారు. హైమవతి సూటిగా చెప్పింది. అత్త పేరు మీద పనిచేశానని జగ్గమ్మ ఒక్కతే చెబితే అబద్ధమంటారు. అలా పనిచేస్తున్నవాళ్లందరూ చెప్పాలి.

గోల లేచింది. "మా పనులు మేమే ఊడగొట్టుకోమంటావా హైమక్కా? నీకేటి, నువ్వు పని మానీసి సానా కాలమయినాది!"

"దాని మోకాలి కోసం మా పొయ్యిలు ఆర్పుకోవాలేటి?" అంది ఇంకొకామె, జగ్గమ్మ మొహం చూడకుండా.

జగ్గమ్మకు కోపం రాలేదు. వాళ్ల చోట ఉంటే తానూ ఆ మాటే అనేది. "నిజమేనమ్మా. నాకూ ఓపిక నేదు. నా గుంట దుర్గాభవానిని పనికి పంపీసి తొంగుందామనే అనుకున్నాను. అయితే అదీ బుల్లమ్మే అవతాది. రేపు దాని కాలిరిగినా మా అత్తనే నడిపించి సూపిస్తారు."

ఎవరో నవ్వారు. అమ్మడు అనే మనిషి నవ్వలేదు. బాయిలర్ దగ్గర పనిచేసే ఆమెకు మోచేతుల దాకా కాలిన మచ్చలు.

"నాను మా అత్త లక్ష్మణమ్మ పేరు మీద సేస్తన్నాను," అంది. "అత్తని కాల్సి సానా ఏళ్లయినాది. రేపు బాయిలర్ పేలి నాను సచ్చిపోతే ఏటంటారు? సచ్చినదే మళ్లీ సచ్చిపోనాదంటారా?"

గెలుస్తామని హైమవతి కూడా అనలేదు. భయం పోయి కాదు, భయంతోనే, తామూ చెబుతామని ఒక్కొక్కరూ చేతులెత్తారు.

వాయిదా నాడు పాసింజరు బండిలో ఒక పెట్టె నిండా వాళ్లే. ఆఫీసులో వకీలు బుల్లమ్మను చూసి సంబరపడ్డాడు. కాస్త నడిచి చూపించమన్నాడు. వంగిన నడుంతో ముసలామె చురుగ్గా గది దాటి, తిరిగొచ్చి అతని ఎదుట ఆగింది.

"నా కాళ్లు బాగున్నాయి బాబూ. నా కోడలు వచ్చినకాడి నుంచీ ఆ గేటు నాను తొక్కనేదు. నా పేరు మోసినది ఇది, మూట మోసినది ఇది, మోకాలిరిగినది దీనికి. నా కాలు బాగున్నాదని సంబరపడతన్నారే, మీకు సిగ్గున్నాదా?"

"ఇలా ఇంకెవరున్నారమ్మా?" అన్నాడు అధికారి.

అమ్మడు లేచి తన పేరు చెప్పింది. వెనకనుంచి ఒక్కొక్కరే లేచి చెప్పారు. వకీలు నవ్వాడు. "వీళ్లెవరూ మావాళ్లు కారు సార్. దారిన పోయేవాళ్లని రైలెక్కించి తెచ్చారు."

ఫ్యాక్టరీ వైపునుంచి చెప్పే మనిషి లేడు కదా అని అధికారి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మళ్లీ వాయిదా.

మర్నాడు వాళ్లను గేటు లోపలికి రానివ్వలేదు. సావుకారు పక్క మండలం నుంచి వ్యానులో కొత్త ఆడవాళ్లను తెప్పించాడు. వీళ్లు గేటుకు అడ్డంగా కూర్చున్నారు. మోకాలు వంగని జగ్గమ్మ కర్ర పట్టుకుని నిలబడింది. ఆటోవాళ్లు, కాలేజీ పిల్లలు గుమిగూడారు. పొద్దెక్కేసరికి ఎస్సై వచ్చాడు.

"ఎవరు వీళ్లు?"

"బయటోళ్లు సార్," అన్నాడు గోపి, సావుకారు నేర్పిన మాట.

"బయటోళ్లు నీ గేటు దగ్గర ఎందుకు కూర్చుంటారయ్యా? నేనేం కేసు రాసుకోవాలి?"

గోపికి ఎండ, వ్యాను హారను, ఆగకుండా మోగుతున్న సావుకారి ఫోను. తిక్కరేగింది. "బయటోళ్లేటి సార్! నా కింద పనిసేసి నాకే ఎదురు తిరగతన్నారు. ఇది అమ్మడు, బాయిలర్ కాడ ఉంటాది. ఆ కర్రట్టుకున్నది జగ్గమ్మ, మూటలు మోసీది. ఇదంతా దాని వల్లే. ఆవేళ నా కళ్లముందే బాయిలర్ కాడ పడినాది, అప్పుడే..."

ఆగిపోయాడు. అమ్మడు వీడియో తీస్తున్న సెల్లు ఎత్తి పట్టుకునే ఉంది.

"గోపీ," అంది జగ్గమ్మ. కాలు సలుపుతున్నా ఒక అడుగు ముందుకేసింది. "మళ్లీ సెప్పు నాయనా. ఎనకాలోళ్లకి ఇనబడనేదు."

"మళ్లీ సెప్పు! మళ్లీ సెప్పు!" అని ఆడవాళ్లంతా అందుకున్నారు. ఆటోవాళ్లు అందుకున్నారు. కాలేజీ పిల్లలు అందుకున్నారు. విన్నా విననట్టే ఎస్సై అందరినీ పోలీసు బండి ఎక్కించమన్నాడు. జగ్గమ్మను, హైమవతిని ముందు ఎక్కించారు.

బండి కిటికీ ఊచల్లోంచి జగ్గమ్మ గేటు వైపు చూసింది. గోపి వ్యాను తలుపు లాగి, ముందు కూర్చున్న పిల్లతో "దిగు. ఈయాల్టి నుంచి నీ పేరు బుల్లమ్మ," అంటున్నాడు.

ఆ పిల్ల ఊచల వెనక జగ్గమ్మను, ఆమె చేతికర్రను చూసింది.

"నా పేరు పైడితల్లి," అంది. దిగలేదు. ఆమె వెనకున్నవాళ్లూ దిగలేదు.