నాన్న వచ్చింది

అవనిగడ్డ బస్టాండులో రాజకుమారి దిగేసరికి పదకొండు దాటింది. పొద్దున్నే బంటుమిల్లిలో బయల్దేరి బందరులో బస్సు మారింది. బందరు బస్సులో సీటు దొరకలేదు. తండ్రి పోతయ్య అరటిపళ్ల బండి పక్కన నిలబడి ఉన్నాడు. అతన్ని చూసి రెండేళ్లయింది. అతను ఆమె ముఖం వంక చూడకుండానే చేతిలోని గుడ్డసంచి ముందుకు చాపాడు.

"ఇందులో చొక్కా, ప్యాంటు ఉన్నాయి. మార్చుకునిరా. టోపీ కూడా ఉంది. జుట్టంతా లోపలికి తొయ్యి."

"చీరలో ఉంటే నా సంతకం చెల్లదా అయ్యా?"

"వాసూ, నాతో మాటలు పెట్టుకోకు. పన్నెండింటికల్లా రమ్మన్నాడు ఆ స్కూలాయన. నువ్వొచ్చి సంతకం పెట్టి నీ దారిన నువ్వు పోతే చాలు."

బస్టాండు మరుగుదొడ్ల దగ్గర రెండు తలుపులు ఉన్నాయి. రాజకుమారి ఆడవాళ్ల తలుపు తోసుకుని వెళ్లింది. చీర విప్పి మడత పెట్టింది. చొక్కా తండ్రిదే. ఎంత ఉతికినా పోని ఎండుచేపల వాసన కాలరుకి ఉంది. ముక్కుపుడక తీసి కొంగు ముడిలో కట్టింది. గోళ్ల రంగు మాత్రం పోలేదు. చేతులు జేబుల్లో పెట్టుకుని బయటికొచ్చింది.

డబ్బులు వసూలు చేసే కుర్చీలో మనిషి తలెత్తి చూసి నవ్వాడు.

"లోపలికెళ్లింది అక్క. బయటికొచ్చింది బావ. ఇద్దరి డబ్బులూ ఇవ్వాలి మరి."

ఆమె ఒకరి డబ్బులే ఇచ్చింది.

తల్లి కొండమ్మ నిన్న రొయ్యల షెడ్డుకి ఫోన్ చేసింది. షెడ్డులో రాజకుమారిది రొయ్యల తలలు తీసే పని. కిలోల లెక్కన కూలి. ఒకరోజు మానితే బల్ల దగ్గర ఆ చోటు ఇంకొకరిది అవుతుంది. మేస్త్రి ఆ మాట ముందే చెప్పాడు. అయినా బయల్దేరింది. ఎందుకంటే కొండమ్మ ఫోన్లో, "మీ అయ్యే రమ్మంటన్నాడు" అంది. ఆ ఒక్క మాట కోసం రెండేళ్లుగా ఎదురుచూసింది.

ఆమెకిప్పుడు పంతొమ్మిదేళ్లు. వాసు ఇంట్లో పెట్టిన పేరు, రాజకుమారి తను పెట్టుకున్నది. పదో తరగతిలో బడి వార్షికోత్సవం నాడు కాటుక పెట్టుకుందని హెడ్మాస్టరు అందరి ముందూ కుళాయి దగ్గర ముఖం కడిగించాడు. ఆ మర్నాటి నుంచి బడికి వెళ్లలేదు. పెళ్లి చేస్తే కుదురుకుంటాడన్నారు పెద్దలు. పదహారు నిండగానే మేనమామ కూతురు జ్యోతిర్మయి మెడలో తాళి కట్టించారు. వయసెంతని ఎవరూ అడగలేదు. ఏడాదికి పాప పుట్టింది. లౌక్య అని పేరు పెట్టారు. పాపకి ఆరో నెల వచ్చాక రాజకుమారి తన సంగతి జ్యోతిర్మయికి చెప్పింది. జ్యోతిర్మయి ఆ రాత్రంతా ఏడ్చి, "ముందే చెప్పుంటే ఇద్దరం బాగుండేవాళ్లం కదా" అంది. పోతయ్య మాత్రం తెడ్డు తీసుకుని తరిమాడు. జ్యోతిర్మయికి నిరుడు నిజాంపట్నంలో మారుమనువు చేశారు. పాప నాయనమ్మ దగ్గర ఉండిపోయింది.

రాజకుమారి ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టింది. హాల్ టికెట్ మీద ఫొటోకీ ఎదురుగా ఉన్న మనిషికీ పోలిక లేదని ముప్పావుగంట వరండాలో నిలబెట్టారు. ఆ పేపరు పోయింది.

పోతయ్యకి తెలియనిది ఒకటుంది. నెలకో ఆదివారం కొండమ్మ ఎండుచేపలు అమ్మే వంకన పాపని మోపిదేవి తీసుకొస్తుంది. అక్కడ రాజకుమారి ఒక గంట పాపని ఎత్తుకుంటుంది. "నాన్న వస్తాడు చూడు" అని కొండమ్మ దారంతా చెబుతుంది. చీర కట్టుకున్న మనిషి బస్సు దిగగానే పాప "నాన్న వచ్చింది!" అని అరుస్తుంది. "వచ్చింది కాదే, వచ్చాడనాలి" అని కొండమ్మ దిద్దుతుంది. మరుసటి నెల పాప మళ్లీ "వచ్చింది" అంటుంది.

స్కూలు గేటు దగ్గర కొండమ్మ పాపని చంకన వేసుకుని ఉంది. చొక్కా ప్యాంటులో ఉన్న రాజకుమారిని చూసి ఆమె పెదవులు బిగుసుకున్నాయి. పాప ఒకసారి చూసి నాయనమ్మ భుజంలో ముఖం దాచుకుంది.

"గుర్తుపట్టలేదు," అంది రాజకుమారి.

"ఊరుకో. మీ అయ్య వింటాడు," అంది కొండమ్మ.

సొంతూరు ఏటిమొగలో అంగన్‌వాడీకి పంపితే పిల్లలు లౌక్యని కొజ్జావాడి కూతురని పిలిచారు. పోతయ్య ఆరోజే మాన్పించాడు. సముద్రం మీద చేపల వేట నిషేధం ఎత్తేసిన మొదటి వారం ఒక్క పూట కూడా బోటు వదులుకోని మనిషి, రెండు పూటలు వదులుకుని ఈ స్కూలు వెతికాడు. ఇక్కడ వాళ్ల సంగతి ఎవరికీ తెలియదు. వ్యాను ఊరి మొదటిదాకా వస్తుంది. అయితే నిరుడు విడిపోయిన దంపతుల్లో ఒకరు చెప్పాపెట్టకుండా పిల్లవాణ్ణి తీసుకుపోయారట. అప్పటినుంచి తల్లో తండ్రో స్వయంగా వచ్చి సంతకం పెట్టందే చేర్చుకోవడం లేదు. మారుమనువు చేసుకున్న జ్యోతిర్మయిని పిలవలేరు.

ప్రిన్సిపాల్ భుజంగరావు దరఖాస్తు ముందు పెట్టుకున్నాడు.

"తండ్రిగారు ఏం చేస్తుంటారండీ?"

"గుజరాత్ బోట్ల మీద పని చేస్తాడండీ, వేరావల్‌లో. ఏడాదికోసారి వస్తాడు," అన్నాడు పోతయ్య. రాత్రే సిద్ధం చేసుకున్న మాట.

"సరే. ఇందిరగారూ, పాపని ఓ రెండు మాటలు అడగండి."

ఇందిర టీచరు పాప ముందు కూర్చుంది.

"నీ పేరేంటమ్మా?"

"లౌక్య."

"ఈవిడెవరు?"

"నాయనమ్మ."

"మరి ఈయన? మీ నాన్నే కదూ?"

పాప టోపీ వంక చూసింది. "కాదు."

"అదేంటీ! మరి నాన్నేడీ?"

"ఆదివారం నాన్న వచ్చింది. జాంకాయ తెచ్చింది."

ఇందిర నవ్వింది. "వచ్చింది అనకూడదమ్మా. నాన్న వచ్చాడు, అనాలి. ఏదీ, అను."

"వచ్చింది," అంది పాప. "నాన్న ఎర్ర చీర కట్టుకుంది."

ఇందిర నవ్వు ఆపేసింది. పోతయ్య భార్య వైపు తిరిగాడు. ఆదివారం అన్న మాట అతనికి అప్పుడు అర్థమైంది.

"పిల్లకింకా మాటలు తిన్నగా రావండీ," అంది కొండమ్మ.

భుజంగరావు చూపు రాజకుమారి చేతుల మీద ఉంది. కలం అందుకోవడానికి ఆమె వాటిని జేబుల్లోంచి తీసింది. పది గోళ్లకీ రంగు ఉంది.

"ఒకసారి టోపీ తీస్తారా?" అన్నాడు.

ఆమె తీసింది. జుట్టు భుజాల మీద పడింది.

"నాన్నా!" అంది లౌక్య. నాయనమ్మ పక్కనుంచి జారి పరిగెత్తుకొచ్చి ఆమె మోకాలిని కరుచుకుంది.

భుజంగరావు లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"చూడండీ, నాకు వ్యక్తిగతంగా ఏ అభ్యంతరమూ లేదు. కానీ పదిమంది తల్లిదండ్రులు వచ్చి నన్నడిగితే ఏం చెప్పమంటారు? పాప మంచి చురుకైంది. వదులుకోవాలని నాకూ లేదు. ఒక పని చేద్దాం. తండ్రి కాలం చేశారని రాసుకుందాం. తాతగారు సంరక్షకులు. ఇక ఈయన... ఈవిడ," అని తడబడి, "ఈవిడ మేనత్త. తండ్రి పోయారని, తను మేనత్తనని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టేస్తే, మేనత్తగా ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు. ఎవరూ అడగరు."

"రాయండి," అన్నాడు పోతయ్య వెంటనే. "సముద్రం మీద పోయాడని రాయండి. మా పేటలో అట్టా పోయినోళ్లు పదిమంది ఉన్నారు."

అప్పుడు, ఆ రోజు మొదటిసారి, అతను ఆమె ముఖంలోకి చూశాడు.

"ఇంటికి కూడా రావచ్చు. నేను తలుపెయ్యను. పెద్దకూతురు దూరాన ఉండి వచ్చిందంటాను. నా కూతురివే అంటాను. అడిగినోడికి నేను చెప్పుకుంటా."

కూతురు. కుళాయి దగ్గర కాటుక కడుక్కున్న రోజు నుంచి రాజకుమారి ఆ నోట వినాలనుకున్న మాట అదే. రెండేళ్ల కిందట అని ఉంటే ఆయన కాళ్లు పట్టుకునేది.

"పాపకి ఏం చెబుతారయ్యా?"

"నాన్న సముద్రం మీద పోయాడని చెబుతాం. చిన్నపిల్ల. నాలుగు రోజులు ఏడ్చి మర్చిపోద్ది."

"మళ్లీ ఆదివారం నేనొస్తే?"

"అత్త వచ్చిందంటాం."

అప్పుడు 'వచ్చింది' తప్పు కాదు. ఎవరూ దిద్దనక్కర్లేదు.

భుజంగరావు తెల్లకాగితం ముందుకి జరిపాడు. రాజకుమారి తల్లి వైపు చూసింది. కొండమ్మ ఒప్పుకోమని కళ్లతో అడుగుతోంది. మోకాలి దగ్గర పాప ప్యాంటుని పిడికిట పట్టుకుని ఉంది. పట్టు కొంచెం కూడా వదల్లేదు.

ఆమె కలం బల్ల మీద పెట్టేసింది.

"నేను కూతుర్నే అయ్యా. అది నువ్వు ఇప్పుడు ఇచ్చేది కాదు. కానీ దీనికి నాన్న ఉంది. పోలేదు. పోయానని నా చేత్తో రాయను."

"ఉన్నాడు అనాలి," అన్నాడు భుజంగరావు అలవాటుగా. తర్వాత దరఖాస్తు మడిచి పోతయ్య చేతికిచ్చాడు. "ఇంకెక్కడైనా చూసుకోండి."

రోడ్డు మీద పోతయ్య ముందు నడిచాడు. కొండమ్మ పాపని ఎత్తుకుని వెనక నడుస్తూ, "ఒప్పుకుంటే నీ సొమ్మేం పోయిందే?" అంది. "ఏళ్ల తరబడి కాళ్లావేళ్లా పడితే మనిషి ఈ మాత్రం దిగొచ్చాడు. అంతా బుగ్గి చేశావు కదే."

ఎప్పుడూ 'రా' అని పిలిచే తల్లి ఇవాళ ఆడపిల్లని అన్నట్టు 'కదే' అని పిలిచింది. తిట్టడానికి పిలిచింది. కొండమ్మ అది గమనించలేదు.

కాలవ వంతెన దాటుతుండగా పోతయ్య ఆగాడు. దరఖాస్తుని నాలుగు ముక్కలు చేసి నీళ్లలో వేశాడు. "దీనికి చదువొద్దు. వచ్చే ఏడు చేపలకి ఉప్పేస్తది," అన్నాడు. ఎవర్ని ఉద్దేశించి అన్నాడో తెలియదు.

బస్టాండులో ఇంటి దారిన వెళ్లే నాగాయలంక పల్లెవెలుగు బస్సు కదలబోతోంది. పక్క ప్లాట్‌ఫారం మీద బందరు బస్సు ఉంది. అది ఎక్కితే సాయంత్రానికి షెడ్డు చేరవచ్చు. చీర మార్చుకునే వేళ లేదు. రాజకుమారి బందరు బస్సు వంక ఒకసారి చూసింది. తర్వాత కొండమ్మ వెనకే నాగాయలంక బస్సు ఎక్కింది. పోతయ్య చూశాడు. దిగమనలేదు. రమ్మని కూడా అనలేదు. వెళ్లి ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాడు.

పాప కొండమ్మ ఒళ్లోంచి ఆమె ఒళ్లోకి పాకింది. పక్క సీటామె అడిగింది, "ఎక్కడికెళ్తున్నారు పాపా?"

"ఇంటికి. నాన్న కూడా వస్తంది."

"వస్తున్నాడు, అనాలి తల్లీ."

పాప నాయనమ్మ వైపు చూసింది. ఎప్పుడూ దిద్దే మనిషి ఆమే. కొండమ్మ కిటికీలోంచి వరి నారుమళ్లు చూస్తోంది.

కండక్టరు వచ్చాడు. చొక్కా, జుట్టు, గోళ్లు చూసి, ఎవర్ని అడగాలో తేలక అందర్నీ కలిపి అడిగాడు.

"ఆడోళ్లు ఎంతమందమ్మా?"

"ఒక్కత్తే," అన్నాడు పోతయ్య ముందు సీట్లోంచి.

"ఇద్దరం," అంది కొండమ్మ.

"చంటిపిల్లకి టికెట్ లేదమ్మా."

"పిల్లని కలపలేదు."

కండక్టరు మిషను మీద వేలు పెట్టాడు. "సరే. ఆడోళ్ల ఫ్రీ టికెట్లకి కార్డులు చూపించండి."

కొండమ్మ జాకెట్టులోంచి పర్సు తీసి తన ఆధార్ ఇచ్చింది. రాజకుమారి చెయ్యి సంచిలోకి వెళ్లి, మడతపెట్టిన చీర కింద కార్డుని తాకి, అక్కడే ఆగింది. పేరు వాసు. తండ్రి పోతయ్య. పురుషుడు.

"ఉందా, లేదా?"

ముందు సీట్లోంచి పోతయ్య చెయ్యి వెనక్కి వచ్చింది. వేళ్ల మధ్య యాభై రూపాయల నోటు ఉంది.

"దానికి నేనిస్తాను. మగ టికెట్టు కొట్టండి."

"ఆ నోటు లోపల పెట్టు," అంది కొండమ్మ. పాతికేళ్ల కాపురంలో పోతయ్య చేతిలో డబ్బుని ఆమె వద్దనడం అదే మొదటిసారి.

నోటు లోపలికి పోలేదు. కార్డు బయటికి రాలేదు. కండక్టరు మిషను మీద వేలు అలాగే ఉంచి ఒకసారి ఆ చేతి వంక, ఒకసారి ఈ సంచి వంక చూస్తున్నాడు. బస్సు కాలవ గట్టు ఎక్కింది.